అరకు, లంబసింగి దారుల్లో తేలిన లెక్క: మీటియరా, హిమాలయనా?

పదకొండేళ్లు నడిపిన నా 150 సీసీ బండిని అమ్మేశాక రెండు నెలల పాటు మా ఇంట్లో ఒకటే చర్చ. కొత్త బండి మీద ఇద్దరం కలిసి ఊళ్లు తిరగాలి, సామాను కట్టుకోవాలి, సాయంత్రానికి నడుం పట్టేయకూడదు. వెతగ్గా వెతగ్గా రెండు మిగిలాయి. రెండూ రాయల్ ఎన్‌ఫీల్డ్‌వే. ఒకటి మీటియర్ 350, రెండోది హిమాలయన్ 450. షోరూమ్‌లో టెస్ట్ రైడ్ అడిగితే రాజమండ్రి వీధుల్లో నాలుగైదు కిలోమీటర్లు తిప్పి రమ్మన్నారు. రెండూ బాగానే ఉన్నాయనిపించింది. అంత కొద్ది దూరంలో ఏ బండైనా బాగానే ఉంటుంది. లక్షలు పోసి కొనే ముందు నాలుగు రోజులు ఘాట్ రోడ్ల మీద నడిపి చూద్దామని నిర్ణయించుకున్నాం.

మా బావమరిదికి విశాఖలో ఉద్యోగం. వాడే రెండు బండ్లూ అద్దెకు మాట్లాడి పెట్టాడు. డిసెంబర్‌లో ఒక గురువారం రాత్రికి మా ఆవిడా నేనూ రైల్లో విశాఖ చేరాం. వేసుకున్న ప్లాను ఇది: మొదటి రోజు అరకు, రెండో రోజు పాడేరు, మూడో రోజు లంబసింగి, నాలుగో రోజు నర్సీపట్నం మీదుగా జాతీయ రహదారి ఎక్కి వెనక్కి. బావమరిదీ నేనూ బండ్లు మార్చుకుంటూ నడపాలి, మా ఆవిడ రెండింటి వెనకా కూర్చుని చూడాలి.

అద్దె బండి విషయంలో ఒక మాట. నంబరు ప్లేటు నల్లగా ఉండి అక్షరాలు పసుపు రంగులో ఉంటేనే అది అద్దెకు ఇవ్వడానికి రిజిస్టరైన బండి. తెల్ల ప్లేటు బండి చవకగా ఇస్తామన్నా తీసుకోవద్దు, దారిలో ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర ఇబ్బంది పడతారు. మాకిచ్చిన మీటియర్ వెనక టైరు బాగా అరిగిపోయి ఉంది. ‘ఏం కాదు సార్, ఇంకో రెండు వేల కిలోమీటర్లు వస్తుంది’ అన్నారు. ఘాట్ రోడ్డు మీద మనిషిని ఎక్కించుకుని అలాంటి టైరుతో వెళ్లనని గట్టిగా చెబితే గంట తర్వాత వేరే బండి ఇచ్చారు. ఆ గంట పోయినా బాధ లేదు. బండి తీసుకునేటప్పుడు చుట్టూ వీడియో తీసుకోవడం మాత్రం మరిచిపోకండి. ఆ వీడియో చివరి రోజు మాకు బాగా పనికొచ్చింది.

విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. పెందుర్తి, కొత్తవలస, ఎస్.కోట దాకా ట్రాఫిక్కే. అక్కడిదాకా నేను హిమాలయన్ నడిపాను. 452 సీసీ ఇంజిన్, 40 పీఎస్ శక్తి అని చదివి ఎంతో ఊహించుకున్నాను. ఊళ్ల మధ్య ఆగుతూ కదులుతూ వెళ్లేటప్పుడు ఆ శక్తంతా కనిపించదు. ఇంజిన్ కొంచెం తిరిగితేనే దానికి హుషారు. దాని పూర్తి టార్క్, అంటే లాగే బలం, ఇంజిన్ నిమిషానికి 5500 సార్లు తిరిగినప్పుడు (5500 ఆర్‌పీఎం) వస్తుంది. మెల్లగా వెళ్తూ పై గేరులో ఉంచితే గునుస్తుంది, గేరు దించాల్సిందే. మీటియర్ గుణం వేరు. శక్తి 20 బీహెచ్‌పీయే (ఇదీ పీఎస్ లాగే హార్స్‌పవర్ లెక్కే) అయినా దాని 27 ఎన్ఎం టార్క్ 4000 ఆర్‌పీఎం దగ్గరే అందుతుంది. బౌడార దాటి ఘాట్ మొదలయ్యాక బండ్లు మార్చుకున్నాం. మా ఆవిడ నా వెనక ఎక్కింది. మూడో గేరులో వేసి వదిలేస్తే మలుపు తర్వాత మలుపు, తొందర లేకుండా లాక్కుంటూ వెళ్లిపోయింది. బావమరిది మాత్రం హిమాలయన్ మీద రెండు, మూడు గేర్ల మధ్య ఆడుతూ ముందు దూసుకెళ్లి అనంతగిరి దగ్గర మా కోసం కాసుకుని కూర్చున్నాడు. వాడి ముఖంలో ఆనందం చూస్తే ఆ బండి ఎవరి కోసమో అప్పుడే కొంత అర్థమైంది.

అసలు విషయం బయటపడింది డముకు దగ్గర. కాఫీ తాగి బయల్దేరేటప్పుడు మా ఆవిడ ఈసారి హిమాలయన్ వెనక ఎక్కబోయింది. మీటియర్ సీటు నేల నుంచి 765 మిల్లీమీటర్ల ఎత్తు. హిమాలయన్‌ది 825, వెనక సీటు దానికన్నా పైన ఉంటుంది. ఆమెకు మోకాళ్ల నొప్పి పెద్దగా లేదు గానీ అసలు లేకుండా పోలేదు. ఎడమ ఫుట్‌రెస్ట్ మీద కాలు మోపి, నా భుజం పట్టుకుని, కుడి కాలు బ్యాగుల మీదుగా తిప్పి వేయాలి. ఆ సమయంలో ఆమె బరువంతా ఒకే పక్కకు పడుతుంది. నా ఎత్తు ఐదడుగుల నాలుగంగుళాలు. వేళ్ల మీద నిలబడి బండిని కాచుకోవాలి. ఎక్కి కూర్చున్నాక మాత్రం, ‘ఏవండీ, ఈ సీటే బాగుంది. మీ తల మీదుగా లోయంతా కనిపిస్తోంది’ అంది. గాలికొండ వ్యూ పాయింట్ దగ్గర దిగాలి, మళ్లీ ఎక్కాలి. కాఫీ తోటల దగ్గర ఫొటోలకు దిగాలి, మళ్లీ ఎక్కాలి. బొర్రా గుహలు, బొంగులో చికెన్, చెక్‌పోస్టు, పెట్రోలు బంకు. రాత్రి రూములో కూర్చుని లెక్కపెడితే ఆ ఒక్క రోజులో పదమూడు సార్లు దిగి ఎక్కాం. హార్స్‌పవర్, టార్క్, మైలేజీ అన్నీ కాగితం మీద రాసుకున్న నేను ఈ లెక్క ఒక్కటీ రాసుకోలేదు.

అరకులో ఏపీ టూరిజం వాళ్ల హరితలో దిగాం. డిసెంబర్ శని, ఆదివారాల్లో గది దొరకడం కష్టం, ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. గదులు మరీ ఆడంబరంగా ఉండవు. కానీ బండ్లు ఆవరణ లోపల పెట్టుకోవచ్చు, వేడినీళ్లు వచ్చాయి. బండి మీద తిరిగేవాళ్లకు ఆ రెండూ ఉంటే రాత్రి టెన్షన్ లేకుండా నిద్ర పడుతుంది. పొద్దున్నే లేచి వలిసె పూల తోటలు చూశాం. సీజన్ చివరికి వచ్చినా అక్కడక్కడా కొండవాలు పసుపు రంగు మెరుస్తూనే ఉంది. గిరిజన మ్యూజియం తప్పకుండా చూడాల్సింది. చాపరాయి దగ్గర జనం ఎక్కువ, పావుగంటలో వచ్చేశాం.

అరకు నుంచి పాడేరు దారి 516ఈ జాతీయ రహదారిలో భాగం. రాజమండ్రి నుంచి మన్యం మీదుగా విజయనగరం దాకా వెళ్లే రోడ్డు ఇది. మేం వెళ్లినప్పుడు చాలాచోట్ల వెడల్పు పనులు నడుస్తున్నాయి. కొంత దూరం నల్లటి కొత్త రోడ్డు, ఆ వెంటనే కంకర, మట్టి, నీళ్లు చల్లిన చోట జారే బురద. ఇక్కడ హిమాలయన్ గొప్పదనం కళ్లారా చూశాను. ముందు చక్రం 21 అంగుళాలది, ముందూ వెనకా 200 మిల్లీమీటర్ల సస్పెన్షన్ ట్రావెల్, అంటే గుంతల్లో చక్రం అంత మేర పైకీ కిందికీ కదలగలదు. గుంత వచ్చినప్పుడు ఫుట్‌రెస్ట్‌ల మీద లేచి నిలబడితే చాలు, బండి తన పని తాను చేసుకుపోతుంది. మీటియర్‌లో కాళ్లు ముందుకు చాపి కూర్చుంటాం కాబట్టి అలా లేవలేం. గుంత దెబ్బ నేరుగా నడుముకు వస్తుంది. అడుగు భాగం నేలకు 170 మిల్లీమీటర్ల ఎత్తే ఉండటంతో రాళ్లు చూసుకుంటూ బావమరిది నా వెనక మెల్లగా వచ్చాడు. హిమాలయన్‌కు ఆ ఎత్తు 230.

అలా ధీమా పెరిగిన సమయంలోనే పడ్డాం. ఎదురుగా టిప్పరు వస్తోందని ఎడమ పక్కకు తీసి ఆపాను. కాలు కింద పెట్టబోతే అక్కడ నేల ఒక జానెడు లోతుగా ఉంది. కాలు ఆనే లోపే బండి వాలిపోయింది. బండి బరువు 196 కిలోలు, పైన ఇద్దరం, బ్యాగులు. ఒకసారి వాలాక నేను ఆపగలిగింది కాదు. మా ఆవిడ మట్టిలో కూర్చుండిపోయింది. దేవుడి దయవల్ల మోచేతికి గీరుకోవడం తప్ప ఏమీ కాలేదు. క్రాష్ గార్డు మీద గీతలు పడ్డాయి. రోడ్డు పని చేస్తున్న ఇద్దరు కుర్రాళ్లు పరుగెత్తుకొచ్చి బండిని లేపారు, నీళ్లిచ్చారు. నా చేతులు పది నిమిషాలు వణికాయి. మీటియర్ కూడా 191 కిలోలు ఉంటుంది, బరువులో తేడా ఏమీ లేదు. తేడా ఆ బరువు ఉండే ఎత్తులోనూ, నా కాలు నేలకు ఎంత ముందుగా అందుతుందన్న దాంట్లోనూ ఉంది.

పాడేరులో బస్టాండుకు దగ్గరగా ఒక లాడ్జిలో ఉన్నాం. గది చిన్నది, శుభ్రంగా ఉంది. వంజంగి వెళ్లాలంటే పాడేరులోనే ఉండటం మంచిది. మేం తెల్లవారుజామున నాలుగున్నరకు బయల్దేరాం. కింద బండ్లు ఆపి పైకి నడవాలి. దారి రాళ్లతో నిటారుగా ఉంది, మంచి బూట్లు ఉండాలి. పైన నిలబడితే కాళ్ల కింద మేఘాలు, వాటి మీదుగా సూర్యుడు. మా ఆవిడ అరగంట సేపు ఒక్క మాట మాట్లాడలేదు. ఆ పొద్దుటి కోసమైనా ఈ యాత్ర మళ్లీ చేస్తాను. బాధ కలిగించింది ఒక్కటే, దారి పొడవునా పారేసిన ప్లాస్టిక్ కప్పులు. మనం తీసుకెళ్లింది మనమే వెనక్కి తెచ్చుకుందాం.

మూడో రోజు కొత్తపల్లి జలపాతం చూసి చింతపల్లి వైపు వెళ్తుండగా హిమాలయన్ వెనక చక్రం పంచరయింది. మేకు దిగింది. మేం తీసుకున్న బండికి స్పోక్ చక్రాలు, లోపల ట్యూబు. సెంటర్ స్టాండ్ లేదు. దగ్గర్లోని ఊరి పంచరు షాపు దాకా నడిపించుకెళ్లి, ఒక మొద్దు మీద నిలబెట్టి, చక్రం విప్పి ట్యూబు అతికించి బిగించేసరికి గంటన్నర పట్టింది. షాపతను ఓపిగ్గా చేశాడు, అడిగినంత ఇచ్చి ఇంకొంచెం కలిపాం. మీటియర్‌కు అల్లాయ్ చక్రాలు, ట్యూబ్‌లెస్ టైర్లు. అలాంటి పంచరు చక్రం విప్పకుండా పది నిమిషాల్లో మనమే వేసుకోవచ్చు. హిమాలయన్‌లోనూ ట్యూబ్‌లెస్ స్పోక్ చక్రాలున్న రకం ఇప్పుడు దొరుకుతోంది. ఆ బండి కొనేవాళ్లు ఇంకొంత డబ్బు పెట్టయినా అదే తీసుకోండి, ముఖ్యంగా ఏజెన్సీ ప్రాంతంలో, అంటే మన్యంలో తిరిగేవాళ్లు.

లంబసింగి గురించి ఎక్కువ చెప్పను. మంచు అందంగా ఉంది, తాజంగి చెరువు దగ్గర పొద్దున ఏడింటి దాకా అవతలి గట్టు కనబడలేదు. కానీ మేం దిగిన టెంట్ల చోటు నచ్చలేదు. దుప్పట్లు చెమ్మగిల్లి ఉన్నాయి, టాయిలెట్లు చాలవు, అర్ధరాత్రి దాకా పాటల మోత. కుటుంబంతో వెళ్లేవాళ్లు నర్సీపట్నంలో గది తీసుకుని తెల్లవారకుండా ఘాట్ ఎక్కి రావడం మేలు, సుమారు 30 కిలోమీటర్లే.

చివరి రోజు నర్సీపట్నం దిగి తాళ్లపాలెం దగ్గర 16వ నంబరు రహదారి ఎక్కాం. హిమాలయన్ ఆరో గేరులో వందకు దగ్గరగా వెళ్తున్నా ఇంకా బోలెడంత మిగిలి ఉన్నట్టే ఉంటుంది. లారీని దాటాలంటే ఆలోచించే పని లేదు. మీటియర్ 80, 85 దగ్గర హాయిగా ఉంటుంది. 95 దాటితే దానికి ఇష్టం లేదని మన చేతులకు తెలుస్తుంది. ఇద్దరు కూర్చున్నప్పుడు ఓవర్‌టేక్‌కు ముందే చూసుకుని గేరు దించుకోవాలి. రోజుకు ఐదారు వందల కిలోమీటర్లు హైవే మీద పరుగెత్తే వాళ్లకు మీటియర్ సరిపోదు, ఇది ఒప్పుకోవాల్సిందే. పెట్రోలు విషయంలో మా లెక్కకు మీటియర్ లీటరుకు 34, హిమాలయన్ 28 దాకా ఇచ్చాయి. మొదటి దాని ట్యాంకు 15 లీటర్లు, రెండో దానిది 17. అంటే ఏదైనా ఒకసారి నింపితే 450 కిలోమీటర్లకు భయం లేదు.

విశాఖలో బండ్లు అప్పగించేటప్పుడు క్రాష్ గార్డు గీతలతో పాటు పాత గీతలన్నిటికీ డబ్బు పట్టుకోబోయారు. మొదటి రోజు తీసిన వీడియో చూపించాం. మేం చేసిన వాటికి మాత్రం కట్టి మిగిలిన డిపాజిట్ తెచ్చుకున్నాం.

ఇక ధర. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ లోపు బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అంతకు మించిన వాటి మీద 40 శాతం అయింది. మీటియర్ 349 సీసీ కాబట్టి తగ్గిన వైపు పడింది. ఎక్స్‌షోరూమ్ ధరలోనే ఈ రెండింటికీ ఇప్పుడు లక్షకు పైగా తేడా. ఆ లక్షతో మంచి హెల్మెట్లు, జాకెట్లు, పెట్టెలు కొనుక్కుని ఇంకా నాలుగైదు యాత్రలు చేయవచ్చు. అయినా డబ్బు ఒక్కటే అయితే నేను హిమాలయన్ వైపే వెళ్లేవాణ్ణేమో. దానికి 805 మిల్లీమీటర్లకు దించిన సీటు కూడా దొరుకుతుందని బావమరిది గుర్తు చేశాడు. కానీ ఆ సీటుతో ఎత్తు తగ్గేది నాకు. వెనక కూర్చునే మనిషి ఎక్కాల్సిన ఎత్తు అలాగే ఉంటుంది.

నేను ఒంటరిగా తిరిగేవాణ్ణి కాదు. ఏడాదికి ఒకటో రెండో చోట్ల కంకర రోడ్డు తగులుతుంది, అక్కడ మెల్లగా వెళ్తాను. దిగి ఎక్కడం మాత్రం రోజూ ఉంటుంది. అందుకే నాకు మీటియరే. బావమరిదికి నా సలహా దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఆరడుగుల మనిషి, ఎక్కువ ఒక్కడే తిరుగుతాడు, లదాఖ్ వెళ్లాలని ఆశ. వాడు ఆగి, డబ్బు కూడబెట్టి, హిమాలయనే కొనాలి.

సంక్రాంతి వెళ్లాక మా ఆవిడతో షోరూమ్‌కు వెళ్లాను. సేల్స్ అబ్బాయి రంగులు చూపిస్తుంటే ఆమె మీటియర్ వెనక సీటు ఎక్కింది, దిగింది, మళ్లీ ఎక్కింది. ఐదుసార్లు అలా చేసి, బ్యాక్‌రెస్ట్‌కు ఆనుకుని కాసేపు కూర్చుని, ‘డబ్బు కట్టేయండి. మొదటి సర్వీసు అవగానే మారేడుమిల్లి వెళ్దాం’ అంది.