ఆరు గంటలా, తొమ్మిది గంటలా: తెరమీద రెండుసార్లు ‘ది స్టాండ్’

స్టీఫెన్ కింగ్ నవల ‘ది స్టాండ్’ను అమెరికన్ టెలివిజన్ ఇప్పటికి రెండుసార్లు మినీ సిరీస్‌గా తీసింది. మొదటిది 1994 మే నెలలో ఏబీసీ ఛానెల్‌లో నాలుగు భాగాలుగా ప్రసారమైంది; ప్రకటనలు తీసేస్తే దాని నిడివి సుమారు ఆరు గంటలు, దర్శకుడు మిక్ గారిస్, స్క్రీన్‌ప్లే స్వయంగా కింగ్ రాసినది. రెండవది జోష్ బూన్, బెంజమిన్ కావెల్ కలిసి రూపొందించిన తొమ్మిది ఎపిసోడ్ల సిరీస్. 2020 డిసెంబరు 17 నుంచి 2021 ఫిబ్రవరి 11 వరకు సీబీఎస్ ఆల్ యాక్సెస్ అనే స్ట్రీమింగ్ వేదికలో వారానికొకటి చొప్పున వచ్చింది. రెండింటినీ వరసగా చూసినవారికి ఒక వింత తటస్థపడుతుంది. ఎక్కువ సమయం, ఎక్కువ స్వేచ్ఛ, మెరుగైన సాంకేతికత ఉన్న కొత్త సిరీస్‌లో నవల తక్కువగా కనిపిస్తుంది. చౌకబారు గ్రాఫిక్స్‌తో, ఛానెల్ ఆంక్షల మధ్య తీసిన పాతదానిలో ఎక్కువగా కనిపిస్తుంది. ఇందుకు కారణం కథను చెప్పిన వరసలో ఉందని నా అభిప్రాయం. అది వివరించాలంటే ముగింపు వరకు ప్రస్తావించక తప్పదు కనుక, కథ ముందే తెలియకూడదనుకునేవారు ఇక్కడితో ఆగిపోవచ్చు.

నవల సంగతి కొంత చెప్పకుండా సిరీస్‌ల మంచిచెడ్డలు తేల్చడం కుదరదు. 1978లో డబుల్‌డే సంస్థ దీన్ని ప్రచురించినప్పుడు రాతప్రతిలోంచి దాదాపు 400 పేజీలు తీసేయవలసి వచ్చింది. అందుకు సాహిత్యపరమైన కారణమేదీ లేదు. అంత లావు పుస్తకానికి ఎంత ఖర్చవుతుంది, ఎంత వెల పెట్టాలి అన్న లెక్కలే కారణం. 1990లో కింగ్ వాటిలో చాలా భాగాన్ని తిరిగి చేర్చి, కథాకాలాన్ని ఒక దశాబ్దం ముందుకు జరిపి, 1,100 పేజీలు దాటిన సంపూర్ణ ప్రతిని తెచ్చాడు. ఎడారిలోని ఒక సైనిక ప్రయోగశాలలో ఆయుధంగా తయారైన ఫ్లూ బయటపడుతుంది. అక్కడి కాపలాదారు క్యాంపియన్ భార్యాబిడ్డలతో కారులో పారిపోయి, టెక్సస్‌లోని ఆర్నెట్ అనే చిన్న ఊళ్లో పెట్రోలు బంకులోకి దూసుకొచ్చి ఆగుతాడు. కొన్ని వారాల్లోనే నూటికి 99.4 మంది చనిపోతారు. బతికి మిగిలినవారికి రెండు కలలు వస్తుంటాయి: నెబ్రాస్కా మొక్కజొన్న చేల పక్కన ఉండే 108 ఏళ్ల ముసలమ్మ మదర్ అబగైల్ ఒక కలలో, ముఖం స్పష్టంగా కనబడని చీకటి మనిషి ర్యాండల్ ఫ్లాగ్ ఇంకొక కలలో. మొదటి కల నమ్మినవారు కొలరాడోలోని బౌల్డర్‌కు, రెండవదానికి లొంగినవారు లాస్ వేగాస్‌కు చేరతారు.

ఈ కథను రెండు మూడు గంటల సినిమాగా కుదించాలని చాలా ఏళ్లు ప్రయత్నించారు. భయానక చిత్రాల దర్శకుడు జార్జ్ రొమేరో దర్శకత్వంలో తీయాలన్న ఆలోచన సాగింది, స్క్రిప్టులు రాశారు, ఏదీ తెరకెక్కలేదు. చివరికి కింగ్ టెలివిజన్ వైపు మళ్లి దాదాపు 460 పేజీల స్క్రీన్‌ప్లే రాశాడు. అందులో మాటలున్న పాత్రలే 125 దాటాయి. చిత్రీకరణ అధికభాగం యూటా రాష్ట్రంలో జరిగింది. ఖర్చు అదుపులో ఉంచడానికి ఎక్కువ భాగం 16 ఎంఎం ఫిలింపై తీశారు కాబట్టి, ఇవాళ పెద్ద తెర మీద చూస్తే బొమ్మ కాస్త మసకగా, గరుకుగా కనిపిస్తుంది. అది భరించగలిగితే మొదటి భాగం ఇప్పటికీ దడ పుట్టిస్తుంది.

ఆ మొదటి భాగం నేర్పంతా నిదానంలో ఉంది. ప్రయోగశాల లోపల కెమెరా నెమ్మదిగా కదులుతూ, పని చేస్తున్న చోటే కుప్పకూలిన శవాల మధ్య నుంచి వెళుతుంది. నేపథ్యంలో బ్లూ ఆయిస్టర్ కల్ట్ బృందం పాడిన ‘డోంట్ ఫియర్ ద రీపర్’ వినిపిస్తుంది. మాటలు లేవు, వివరణ లేదు. ఆ తరువాత బంకు, దగ్గు, జలుబు, వాటిని ఎవరూ పట్టించుకోకపోవడం. నిర్బంధ వైద్య పరీక్షల్లో చిక్కిన స్టూ రెడ్‌మన్‌గా గ్యారీ సినీస్, ఏం జరుగుతోందో ఎవరూ చెప్పని మనిషి సహనం క్రమంగా ఎలా తరిగిపోతుందో గొంతు పెద్దగా పెంచకుండానే చూపించాడు. టైటిల్స్‌లో పేరు వేయించుకోకుండా నటించిన ఎడ్ హారిస్ (సైన్యాధికారి స్టార్కీ), కాథీ బేట్స్ (ప్రసారం మధ్యలోనే సైనికుల తుపాకులకు బలయ్యే రేడియో వ్యాఖ్యాత) కనిపించేది కొద్ది నిమిషాలే అయినా, రాజ్యవ్యవస్థ ఎలా కూలిందో ఆ రెండు పాత్రలే చెప్పేస్తాయి. బాస్కెట్‌బాల్ వీరుడు కరీమ్ అబ్దుల్ జబ్బార్ న్యూయార్క్ వీధుల్లో చావు చాటింపు వేస్తూ తిరగడం కూడా ఇందులోనే చూస్తాం. ఛానెల్ ఆంక్షల వల్ల రక్తం తక్కువ. వాచిన మెడలు, చెమట పట్టిన ముఖాలు, ఖాళీ రోడ్లు ఎక్కువ. మేకప్‌కు, శబ్ద మిశ్రమానికి ఈ సిరీస్ ఎమ్మీ పురస్కారాలు అందుకుంది. మొదటి భాగం చూస్తే అవి ఊరికే రాలేదని తెలుస్తుంది.

2020 సిరీస్ ఈ నిదానాన్నే వద్దనుకుంది. అది బౌల్డర్‌లో, మహమ్మారి ముగిసిన కొన్ని నెలల తరువాత, ముక్కులు మూసుకుని శవాలను ఎత్తివేసే బృందంతో మొదలవుతుంది. అక్కడి నుంచి వెనక్కి, ముందుకు, మళ్లీ వెనక్కి దూకుతూ సాగుతుంది. పుస్తకం చదివినవారికి ఇది పొడుపుకథ విప్పినట్టు సరదాగానే ఉండవచ్చు. కానీ ఈ కథలోని భయమంతా ఎవరు మిగులుతారో తెలియకపోవడంలో ఉంది. స్టూ, కథానాయిక ఫ్రాన్ బౌల్డర్‌లో క్షేమంగా ఉన్నారని మొదటి ఎపిసోడ్‌లోనే తెలిసిపోయాక, వైద్య నిర్బంధంలో స్టూ ప్రాణం గురించి ప్రేక్షకుడు ఎందుకు ఆందోళన పడాలి? జె.కె. సిమన్స్ వంటి నటుడు స్టార్కీగా వచ్చి ఒకే సన్నివేశంలో అంత గంభీరంగా నటించినా అది విడి ముక్కగా మిగిలిపోవడానికి ఇదే కారణం. వారపత్రికల్లో సీరియల్ చదివిన తరానికి ఈ విషయం వేరే చెప్పనక్కరలేదు: ముందు సంచిక అందకుండా వచ్చే వారం సంచిక చేతికొస్తే కథ అర్థమవుతుంది గానీ ఉత్కంఠ పోతుంది.

వరస చెదిరినందువల్ల ఎక్కువ నష్టపోయిన పాత్ర హెరాల్డ్ లాడర్. నవలలో అతడు అవమానాలు మూటగట్టుకున్న పదహారేళ్ల కుర్రాడు. ఫ్రాన్‌ను ప్రేమించి, ఆమె స్టూ వైపు మొగ్గడం చూసి, పగను ఒక పుస్తకంలో రాసుకుంటూ క్రమంగా హంతకుడవుతాడు. బౌల్డర్‌లో శవాలను పూడ్చే పనిలో తోటివారు అతణ్ణి ముద్దుపేరుతో పిలిచినప్పుడు, ఈ కుర్రాడు ఇప్పటికైనా మారతాడేమోనని పాఠకుడు ఆశపడతాడు. పగ పూర్తిగా ముదిరాక వచ్చే ఆశ కాబట్టే అది బాధిస్తుంది. కొత్త సిరీస్ ఆ శవాల పనితోనే మొదలు కావడంతో ఆ ఆశకు చోటే లేకపోయింది. ఇంతా చేసి, అద్దం ముందు నవ్వు సాధన చేసే హెరాల్డ్‌గా ఓవెన్ టీగ్ చేసిన నటన మొత్తం తొమ్మిది ఎపిసోడ్లలోనూ అత్యుత్తమమైనది. పాత సిరీస్‌లో కోరిన్ నెమెక్‌కు మొటిమలు, కళ్లద్దాలు తగిలించి, అతణ్ణి వెక్కిరింపు బొమ్మగా మార్చారు. పాత వరసలో ఈ కొత్త నటుణ్ణి ఊహించుకోకుండా ఉండలేకపోయాను.

మరొక మార్పు ఇంతకన్నా చిన్నదే గానీ మరింత విచారకరమైనది. గాయకుడు లారీ అండర్‌వుడ్ న్యూయార్క్ వదిలి వెళ్లడానికి లింకన్ టన్నెల్‌లో, కరెంటు లేని చీకటిలో, నిలిచిపోయిన కార్ల మధ్య శవాలను తడుముకుంటూ నడిచే అధ్యాయం నవల మొత్తంలోకెల్లా భయంకరమైనది. 1994లో దాన్ని కురచగానైనా టన్నెల్‌లోనే తీశారు. 2020లో దాని బదులు మురుగు కాలువ పెట్టారు. మురుగు కాలువలో ఎలుకలు ఏ రోజైనా ఉంటాయి. టన్నెల్‌లో ఉన్నది ట్రాఫిక్‌లో ఇరుక్కుని, ఊరు దాటగలమని చివరి క్షణం దాకా నమ్మి చనిపోయిన నగరం. ఆ తేడా గ్రహించకుండా చేసిన మార్పు ఇది.

కొత్త సిరీస్ చిత్రీకరణ 2020 మార్చిలో, అసలు మహమ్మారి ప్రపంచాన్ని మూసివేస్తున్న రోజుల్లో పూర్తయింది. మన దగ్గర అప్పుడు బ్రహ్మంగారి కాలజ్ఞానం పద్యాలు ఫోన్లలో తిరుగుతుంటే, అమెరికాలో ఈ నవల పేరు తిరిగింది. కరోనా తన కథలోని వ్యాధి వంటిది కాదని కింగ్ స్వయంగా ప్రకటించవలసి వచ్చింది. ఆ శీతకాలంలో రోగ వ్యాప్తిని నిమిషం నిమిషం చూడటానికి ప్రేక్షకులు ఇష్టపడేవారు కాదేమో. కానీ వ్యాధిని ముక్కలు చేసి చూపాలన్న నిర్ణయం మహమ్మారికి ముందే జరిగింది కాబట్టి ఈ సమర్థన దానికి దక్కదు.

నటుల విషయంలో తీర్పు ఒక పక్షానికే ఇవ్వలేము. పాత సిరీస్‌లో మదర్ అబగైల్‌గా రూబీ డీ వృద్ధాప్యపు అలసటను, భక్తిలోని పట్టుదలను కలిపి చూపింది. కొత్తదానిలో అదే పాత్ర వేసిన వూపీ గోల్డ్‌బర్గ్‌కు మొక్కజొన్న చేల ఇంటి బదులు వృద్ధాశ్రమం ఇచ్చి, ఆ పాత్ర మూలాలను ముందే కత్తిరించేశారు. మాట, వినికిడి లేని నిక్ ఆండ్రోస్ పాత్రను 1994లో పోషించిన రాబ్ లో అనే నటుడికి చిన్ననాటి నుంచి కుడి చెవి వినబడదు. 2020లో వినికిడి ఉన్న నటుణ్ణి తీసుకున్నందుకు బధిర కళాకారులు బహిరంగంగా నిరసన తెలిపారు, ఆ నిరసన న్యాయమైనది. పైగా పాత్రనే బాగా తగ్గించేయడంతో నిక్ మరణం తాకవలసినంత తాకదు. ఇక ఫ్రాన్‌గా మాలీ రింగ్‌వాల్డ్ పాత సిరీస్‌కు ప్రధాన లోపం; ఒడెస్సా యంగ్ ఆమెకన్నా ఎన్నో మెట్లు పైన ఉంది. పాత సిరీస్‌లో ఫ్లాగ్‌గా జేమీ షెరిడాన్ జీన్స్ చొక్కాతో, పొడుగు జుట్టుతో, పక్కింటి మనిషిలా నవ్వుతూ వస్తాడు. ఆ నవ్వు ఉన్నంతసేపు భయపెడతాడు. కొమ్ముల రాక్షసుడిగా మారిన వెంటనే భయం కాస్తా నవ్వులాటవుతుంది. కొత్తదానిలో అలెగ్జాండర్ స్కార్స్‌గార్డ్‌ ఆ తప్పు చేయడు, కానీ అతడికి చేయడానికి పనే తక్కువ.

ఫ్లాగ్ కన్నా అతడి ఊరు ముఖ్యం. నవలలో లాస్ వేగాస్ క్రమశిక్షణకు మారుపేరు: అక్కడ దీపాలు ముందే వెలుగుతాయి, వీధులు శుభ్రంగా ఉంటాయి, అందరూ వేళకు పనిలోకి వెళతారు, మత్తుమందు వాడినవాణ్ణి శిలువ వేస్తారు. బౌల్డర్‌లో కమిటీలు వాదించుకుంటుంటే వేగాస్‌లో పనులు జరిగిపోతాయి. మామూలు మనుషులు, పని తెలిసినవారు, నియంతకు ఎందుకు లొంగుతారో కింగ్ ఇక్కడ చూపించాడు. పుస్తకంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన భాగం ఇదే. పాత సిరీస్ ఈ విషయాన్ని కొంతవరకు నిలుపుకుంది. కొత్తది వేగాస్‌ను రంగుల దీపాల కింద రక్తపు పోటీలు, విశృంఖల శృంగారం సాగే హోటల్‌గా మార్చింది. అంత చెడ్డ చోటును చూసి ఎవరైనా అసహ్యించుకుంటారు, ఎవరూ తమ గురించి అనుమానపడరు. అగ్నిపిచ్చి ఉన్న ట్రాష్‌క్యాన్ మ్యాన్‌ను సగం దాటాక తెచ్చి అరుపులకే పరిమితం చేయడం కూడా ఈ ధోరణిలో భాగమే. అణ్వస్త్రాన్ని లాక్కొచ్చి ముగింపు తెచ్చేవాడు అతడే కాబట్టి, ప్రేక్షకుడికి అతడితో ముందే పరిచయం ఉండాలి.

ముగింపు రెండింటిలోనూ విఫలమైంది. దేవుడి హస్తం దిగివచ్చి ఆ అస్త్రాన్ని పేల్చడం చదివేటప్పుడే కొందరికి మింగుడుపడదు. 1994లో అది మెరిసే చేతి బొమ్మగా, 2020లో మెరుపుల మేఘంగా తేలిపోయింది. అయితే కొత్త సిరీస్ చివరి ఎపిసోడ్‌ను కింగ్ స్వయంగా రాశాడు. నవలలో బిడ్డకు జన్మనిస్తూ బౌల్డర్‌లోనే ఉండిపోయిన ఫ్రాన్‌కు అసలు పరీక్ష ఎదురుకాలేదన్న లోటు ఆయనకు చాలా ఏళ్లుగా ఉంది. ఇందులో ఆమె పాడుబడిన బావిలో పడి, గాయాలతో, ఫ్లాగ్ ప్రలోభాన్ని ఒంటరిగా తిరస్కరిస్తుంది. మిగతా ఎనిమిది ఎపిసోడ్లలో లేని నిదానం, ఒకే చోట నిలిచి చూసే ఓపిక ఇందులో ఉన్నాయి.

కాబట్టి ఒక్కటే చూడగలిగినవారు 1994 సిరీస్ చూడాలి. అది బ్లూరేలోనూ దొరుకుతుంది, బొమ్మ పాత టీవీల చదరపు కొలతలోనే ఉంటుంది. దాన్ని ఒకే రోజు చూసి ముగించకుండా, ప్రసారమైనట్టే రాత్రికొక భాగం చొప్పున చూడటం మేలు. మూడవ భాగంలో బౌల్డర్ సమావేశాల దగ్గర వేగం బాగా మందగిస్తుంది, అక్కడ విసుగు రావడం సహజం. నవల చదివినవారు కొత్త సిరీస్‌లో మొదటి రెండు ఎపిసోడ్లు టీగ్ కోసం, చివరిది ఒడెస్సా యంగ్ కోసం చూస్తే చాలు. చదవనివారు మాత్రం దానితో మొదలుపెట్టవద్దు.