డి4కు నల్లపావుల జవాబు: అమలాపురంలో ఒక చదరంగ తరగతి

అమలాపురంలో ఆదివారాల్లో నడిచే ఒక చదరంగ తరగతికి మా అబ్బాయిని పంపుతూ, వెనక బల్లపై కూర్చుని నేను కూడా పాఠాలు విన్నాను. ఈ విడతలో వారు తీసుకున్న అంశం ఒక్కటే: తెల్లపావుల ఆటగాడు మంత్రి ముందరి బంటును డి4 గడికి (అక్షరం నిలువు వరుసకు, అంకె అడ్డ వరుసకు గుర్తు) జరిపితే నల్లపావులతో ఎలా ఆడాలి.

గురువుగారు నాలుగైదు రక్షణ పద్ధతులు చూపించి ఎంపిక పిల్లలకు వదిలేయకుండా, తెల్ల సి4లో ఇవ్వజూపే బంటును వెంటనే తీసుకోకుండా డి5, ఇ6 ఎత్తులతో సాగే క్వీన్స్ గాంబిట్ డిక్లైన్డ్ ఒక్కదాన్నే పట్టుకున్నారు. ఇది సరైన నిర్ణయమని నా గట్టి అభిప్రాయం. 1927లో కాపాబ్లాంకా, అలెఖిన్ ప్రపంచ కిరీటం కోసం ఆడిన 34 ఆటల్లో 32 ఈ ప్రారంభంతోనే సాగాయి. అంత పరీక్షకు నిలిచిన పద్ధతి పిల్లలకు దీర్ఘకాలం ఉపయోగపడుతుంది.

బోధనలో నాకు అన్నిటికంటే నచ్చినది, ఎత్తులు కంఠస్థం చేయించే ముందు సమస్యను చూపించడం. ఇ6కు బంటు రాగానే సి8లోని బిషప్‌కు దారి మూసుకుపోతుంది. లాకు తలుపులు తెరిచేదాకా కాలువలో పడవ ఆగినట్టు ఆ బిషప్ ఆగిపోతుందని ఆయన చెప్పగానే, కాలువగట్ల ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలకు విషయం ఇట్టే అర్థమైంది. బి6 ఆడి దాన్ని బి7కు తేవడం, లేదా సమయం చూసి సి4 బంటును తీసుకుని ఆపైన ఇ5కో సి5కో బంటును తోయడం, ఇరుకుగా ఉన్నప్పుడు గుర్రాన్ని ఇ4కు పంపి పావులు మార్చుకోవడం, ఇవన్నీ ఆ ఒక్క సమస్యకు పరిష్కారాలుగానే నేర్పారు.

ఈ ప్రారంభంలో నల్ల పన్నే ఎలిఫెంట్ ట్రాప్ అనే ఉచ్చుకు ఒక పూట కేటాయించారు. జి5లోని బిషప్ వల్ల ఎఫ్6 గుర్రం కదలలేదని నమ్మి తెల్లగుర్రం డి5 బంటును తింటే, నల్లగుర్రం దాన్ని తీసేస్తుంది. తెల్లబిషప్ డి8లోని మంత్రిని తిన్నా, బి4 నుంచి నల్లబిషప్ రాజుకు ఇచ్చే చెక్‌కు అడ్డుగా తెల్లమంత్రి రాక తప్పదు, చివరకు నల్లకు ఒక బంటు పోయినా ఒక పెద్ద పావు అదనంగా మిగులుతుంది. ఎదుటివారు తప్పు చేస్తారని ఆశపడి ఆడకూడదని, డి7 గుర్రం అక్కడ ఎలాగూ మంచి చోటే ఉందని ఆయన వెంటనే హెచ్చరించడం నాకు ఎంతో బాగా నచ్చింది.

తెల్ల తన బిషప్‌ను తొందరగా ఎఫ్4కు తెచ్చే లండన్ పద్ధతికి సి5, ఆపైన మంత్రి బి6కు వచ్చి బి2 బంటును బెదిరించడం అనే జవాబు క్లుప్తంగానే అయినా స్పష్టంగా చెప్పారు.

లోటు ఎక్స్‌ఛేంజ్ పద్ధతి దగ్గర కనిపించింది. సి4 బంటు డి5లో మార్పిడి అయ్యాక తెల్లపావులు బి4, బి5 అంటూ నడిచి సి6 బంటును బలహీనపరుస్తాయి. పోటీల్లో పిల్లలు తరచూ ఓడేది ఇక్కడే కనుక, దీనికి కనీసం రెండు తరగతులైనా ఇవ్వవలసింది. తెల్ల తన బిషప్‌ను జి2లో నిలిపే కాటలాన్ పద్ధతిని వదిలేయడం మాత్రం ఈ స్థాయికి తప్పు కాదు.

ఇద్దరికో బోర్డు, గడియారం, తెలుగులో అచ్చువేసిన పాఠం కాగితాలు ఇస్తారు. ఎత్తులు రాసుకోవడం వచ్చి, కొన్ని పోటీలు ఆడిన పిల్లలకు ఇది బాగా సరిపోతుంది. డి4కు నల్ల ఇచ్చే మరో జవాబైన కింగ్స్ ఇండియన్ లాంటి దూకుడు ఆట కోరేవారు మాత్రం చేరేముందు తర్వాతి విడతలో ఏం నేర్పుతారో అడగడం మంచిది.