ఫ్రీజర్‌లో దాచిన పళ్లతో తీపి వంటలు: ఏళ్ల తరబడి వాడాక నా మాట

మామిడి కాలం ఏప్రిల్ నుంచి జూన్ దాకా. సీతాఫలం సెప్టెంబరులో మొదలై నవంబరు దాటదు. మిగతా నెలల్లో ఇంట్లో ఎవరైనా మామిడి కుల్ఫీయో, సీతాఫలం బాసుందియో అడిగితే ఫ్రీజర్ తెరవాల్సిందే. చాలా ఏళ్లుగా నేను సీజన్‌లో పళ్లు కొని గుజ్జు తీసి దాస్తున్నాను, షాపులో దొరికే ఫ్రోజెన్ ప్యాకెట్లూ వాడుతున్నాను. తాజా పండు మేలా, గడ్డకట్టించినది మేలా అని ఎవరైనా అడిగితే, ముందు ఏం వండబోతున్నారో చెప్పమంటాను.

పండులోని నీరు గడ్డకట్టేటప్పుడు ఏర్పడే మంచు స్ఫటికాలు కణాల గోడలను చీల్చేస్తాయి. అందుకే కరిగిన ముక్క మెత్తబడి నీరు కారుతుంది. రుచి చాలావరకు నిలుస్తుంది, బిగువు మాత్రం తిరిగి రాదు. కాబట్టి పంటికి ముక్క తగలాల్సిన ఫ్రూట్ సలాడ్‌కీ, కేక్ మీద అలంకరణకీ తాజా పండే వాడాలి. కేసరి, కుల్ఫీ, బాసుంది, మిల్క్‌షేక్ లాంటివాటిలో పండు ఎలాగూ గుజ్జుగా కలిసిపోతుంది, అక్కడ ఫ్రీజర్ సరుకు నిశ్చింతగా వాడొచ్చు.

మామిడి విషయంలో రకం చాలా తేడా చూపిస్తుంది. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన బంగినపల్లి అంటే నాకు ప్రాణం, కానీ అది కోసి తినడానికే. ఫ్రీజర్‌లో నెలలు గడిచేసరికి దాని సువాసన పలచబడుతుంది. నూజివీడు రసాలు అలా కాదు. పెద్ద రసమైనా చిన్న రసమైనా గుజ్జు తీసి దాస్తే డిసెంబరులో డబ్బా మూత తీసినా వాసన గుప్పుమంటుంది. పీచు ఉంటుంది కాబట్టి మిక్సీలో వేసే బదులు చేత్తో పిండి జల్లెడ పట్టాలి. కొంచెం శ్రమే, అయినా ఆ పని మానను. చిత్తూరు వైపు గుజ్జు ఫ్యాక్టరీలు ఎక్కువగా వాడే తోతాపురి, అదే మన కలెక్టర్ కాయ, కాస్త పులుపు ఎక్కువ. డబ్బా గుజ్జుతో చేసేటప్పుడు ముందు రుచి చూసి ఆ తర్వాతే పంచదార కొలుస్తాను.

కేసరికి నా కొలత ఇది: వేయించిన రవ్వ ఒక కప్పు, నీళ్లు రెండు కప్పులు, గుజ్జు ఒక కప్పు, పంచదార ముప్పావు కప్పు, నెయ్యి అరకప్పు. రవ్వ నీళ్లలో పూర్తిగా ఉడికాకే గుజ్జూ పంచదారా వేయాలి, ముందే పంచదార పడితే రవ్వ సరిగ్గా ఉడకదు. తాజా గుజ్జుతో ఒకసారి, ఫ్రీజర్ గుజ్జుతో ఒకసారి చేసి పెడితే మా ఇంట్లో ఎవరూ తేడా పట్టలేకపోయారు. కుల్ఫీకైతే లీటరు పాలు సగమయ్యేదాకా మరగబెట్టి, పూర్తిగా చల్లారాకే గుజ్జు కలపాలి. వేడి పాలలో పుల్లటి గుజ్జు పడితే పాలు విరుగుతాయి. చల్లటి పదార్థంలో తీపి నాలుకకు తక్కువగా తెలుస్తుంది, అందుకని కలిపేటప్పుడు కాస్త ఎక్కువ తియ్యగా అనిపించేలా పంచదార వేస్తాను.

సీతాఫలం దగ్గర మరింత జాగ్రత్త కావాలి. పాలమూరు వైపు బాలానగర్ సీతాఫలాలు మంచి మాగుడులో దొరికితే గుజ్జు పాలమీగడలా ఉంటుంది. కానీ ఈ గుజ్జు వేడి తగిలితే చేదెక్కుతుంది. గాలి తగిలితే రంగు మారుతుంది. అందుకే గింజలు తీయగానే చెంచాడు నిమ్మరసం కలిపి చిన్న డబ్బాల్లో నిండుగా నింపి మూత పెడతాను. వాడే ముందురోజు రాత్రి డబ్బాను ఫ్రీజర్ నుంచి కింది అరలోకి మారుస్తాను. బాసుందికి పాలు మరిగించి, ఫ్రిజ్‌లో బాగా చల్లబరిచి, వడ్డించే ముందు గుజ్జు కలుపుతాను. పొయ్యి దరిదాపులకు కూడా పోనివ్వను. గింజలు తీయడానికి మిక్సీ వాడొద్దని గట్టిగా చెబుతాను, ఒక్క గింజ పగిలినా గుజ్జంతా పాడవుతుంది.

అనాసపండు కథ వేరు. పచ్చి అనాసలో బ్రోమెలైన్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది ప్రొటీన్లను విడగొడుతుంది. అందుకే పచ్చి ముక్కలు వేసిన జెలటిన్ జెల్లీ గట్టిపడదు, పాలలో వేసి కాసేపు ఉంచితే చేదు వస్తుంది. గడ్డకట్టించినా ఆ ఎంజైమ్ పోదు, ఉడికిస్తేనే పోతుంది. ఫ్రోజెన్ అనాస ముక్కలైనా సరే, పంచదారతో కొన్ని నిమిషాలు ఉడికించి చల్లార్చాకే పాల వంటల్లో వేయండి. బొప్పాయి, కివీలకూ ఇదే వర్తిస్తుంది. ఉడికించడం ఇష్టం లేకపోతే జెల్లీలో జెలటిన్ బదులు చైనా గ్రాస్ (అగర్) వాడొచ్చు, అది సముద్రపు నాచు నుంచి వచ్చేది కాబట్టి ఈ ఎంజైమ్‌లు దాన్ని ఏమీ చేయలేవు. దాన్ని ముందు నీళ్లలో విడిగా మరిగించి, తర్వాతే పండు రసం కలపాలి. పుల్లటి రసంతో కలిపి మరిగిస్తే పట్టు తగ్గుతుంది.

స్ట్రాబెర్రీ మహాబలేశ్వర్ నుంచి చలికాలంలో వస్తుంది, మన లంబసింగిలోనూ పండిస్తున్నారు. తాజావి తినేయండి. ఫ్రోజెన్‌వి కరిగించకుండా నేరుగా గిన్నెలో పంచదార, నిమ్మరసంతో పెడితే వాటి ఊటతోనే పది నిమిషాల్లో చక్కటి పాకం అవుతుంది. బాగా మాగిన చక్కెరకేళిని తొక్క తీసి, కోసి గడ్డకట్టించి మిక్సీలో తిప్పితే మీగడ లేకుండానే ఐస్‌క్రీమ్ వచ్చేస్తుంది. పిల్లలకు ఇంతకంటే సులువైన తీపి నేను చూడలేదు. తాటి ముంజలూ పుచ్చకాయ ముక్కలూ మాత్రం ఫ్రీజర్‌లో పెట్టకండి, ఆ నీటి సొగసంతా పోతుంది.

దాచే పద్ధతి గురించి రెండు మాటలు. ముక్కలను ముందు పళ్లెంలో ఒకదానికొకటి అంటకుండా పరిచి గడ్డకట్టించాక, గాలి తీసేసి జిప్ కవర్లో వేస్తే రాయిలా ఒకే ముద్ద అవ్వదు. ఫ్రాస్ట్‌ఫ్రీ ఫ్రిజ్‌లో మూత లేని పదార్థం త్వరగా ఎండిపోతుంది, పక్కన అల్లం వెల్లుల్లి ముద్దో చేపల డబ్బానో ఉంటే ఆ వాసనా పట్టేస్తుంది. మైనస్ 18 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంటే గుజ్జు ఏడాది దాకా పాడవదు, కానీ రుచి కోసం నేను ఎనిమిది నెలల్లోపే వాడేస్తాను. డబ్బా మీద పండు రకం, నెల రాసిన చీటీ అంటించండి. ఒక వంటకు సరిపడా చిన్న భాగాలుగానే దాచండి, కరిగినదాన్ని మళ్లీ గడ్డకట్టిస్తే నీరూ రుచీ రెండూ జారిపోతాయి.

షాపు ప్యాకెట్లు కొనేటప్పుడు చేత్తో నొక్కి చూడటం నా అలవాటు. ముక్కలు విడివిడిగా కదిలితే తీసుకుంటాను, మొత్తం ఒకే గడ్డగా ఉండి లోపల మంచు నిండి ఉంటే పక్కన పెట్టేస్తాను. అది దారిలో ఎక్కడో కరిగి మళ్లీ గట్టిపడిన సరుకు అయ్యుంటుంది. అలాంటి సీతాఫలం ప్యాకెట్ ఒకటి డెలివరీలో వస్తే, బాసుంది నీళ్లలా అయి చుట్టాల ముందు పెట్టలేక చాలా బాధపడ్డాను. అప్పటి నుంచి సీతాఫలం, మామిడి రసాలు ఇంట్లో తీసినవే వాడుతున్నాను. బెర్రీలు, అనాస ముక్కలు మాత్రం షాపులోనే కొంటున్నాను, వాటిని ఎలాగూ ఉడికిస్తాను కాబట్టి పెట్టిన డబ్బుకు న్యాయం జరుగుతోంది.