స్పెక్ట్రమ్‌లో కింది ర్యామ్ పోతే పాత 4116లా, 4164లా, మాడ్యూలా: ఏది మేలు?

అటక మీంచి దించిన జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్‌కి, అంటే సింక్లెయిర్ కంపెనీ 1980ల నాటి ఇంటి కంప్యూటర్‌కి, కరెంటు ఇవ్వగానే తెర అడుగున 1982 సింక్లెయిర్ కాపీరైట్ వాక్యం రావాలి. అది రాకుండా నిలువు చారలో, కదలకుండా నిలిచిపోయిన రంగు గళ్లో కనబడితే మొదటి అనుమానం కింది 16కె ర్యామ్ మీదే. తెర మీది బొమ్మంతా 16384వ అడ్రసు నుంచి అందులోనే ఉంటుంది. సిస్టమ్ వేరియబుల్సూ, అంటే మిషను తన నడకకి రాసుకునే లెక్కలూ, అందులోనే. అందుకే ఎనిమిది చిప్పుల్లో ఒక్కటి పోయినా మిషను లేవదు. పై 32కె పోతే మాత్రం చాలాసార్లు 16కె మిషనులా లేచి పనిచేస్తుంది.

ఇక్కడిదాకా అందరూ తేల్చుకుంటారు. ఆ తర్వాత అడిగేది ఒకటే: పోయినచోట మళ్లీ అదే పాత రకం ర్యామ్ చిప్ 4116 వెయ్యాలా, కాస్త కొత్త రకమైన 4164 వెయ్యాలా, ఎనిమిదింటి బదులు అమ్మే చిన్న మాడ్యూల్ పెట్టాలా? 16కె, 48కె, స్పెక్ట్రమ్ ప్లస్ మూడింటికీ ఈ ప్రశ్న వర్తిస్తుంది. 1986 నుంచి మన దేశంలో డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ అమ్మిన డీబీ స్పెక్ట్రమ్ ప్లస్‌దీ ఇదే కుటుంబం. మూత తీసి వరసగా 4116లు ఉన్నాయో లేదో చూసుకుంటే సరి. 128, ప్లస్2 మోడళ్లలో 4116లు ఉండవు, వాటికీ చర్చకీ సంబంధం లేదు.

ముందు మైనస్ ఐదు సంగతి

మూడింటిలో ఏది ఎంచుకోవాలో తేల్చేది ధర కాదు, అసలుతనమూ కాదు. మైనస్ 5 వోల్టులు.

4116కి మూడు వోల్టేజీలు కావాలి. 1వ పిన్‌కి మైనస్ 5, 8వ పిన్‌కి ప్లస్ 12, 9వ పిన్‌కి ప్లస్ 5. గ్రౌండ్ 16వ పిన్. అడాప్టర్ నుంచి వచ్చేది 9 వోల్టుల డీసీ ఒక్కటే. అందులోంచి 7805 అనే రెగ్యులేటర్ ఐదు వోల్టులు ఇస్తుంది. మిగతా రెండింటినీ టీఆర్4, టీఆర్5 అనే రెండు ట్రాన్సిస్టర్లు, ఒక చిన్న కాయిల్ కలిసి పుట్టిస్తాయి. టీఆర్4 జెడ్‌టీఎక్స్650, టీఆర్5 జెడ్‌టీఎక్స్213. మైనస్ 5 అందకుండా మిగతా వోల్టేజీలు అందితే 4116 లోపల కరెంటు అదుపు తప్పుతుంది. చిప్ వేడెక్కి పోతుంది.

ఇది ఎలా జరుగుతుందో తెలిసిందే. మిషను ఆన్‌లో ఉండగా వెనక ఎడ్జ్ కనెక్టర్‌కి జాయ్‌స్టిక్ ఇంటర్‌ఫేస్ తగిలిస్తారు. అది ఏ కొంచెం వంకరగా దిగినా పక్కపక్క కాంటాక్టులు షార్ట్ అవుతాయి, టీఆర్4 పోతుంది, దానితో మైనస్ 5 పోతుంది, వెనకే ర్యామ్. అంటే మనం చూస్తున్న చచ్చిన చిప్ చాలాసార్లు రెండో బాధితురాలు. మొదటిదాన్ని బాగుచెయ్యకుండా కొత్త 4116లు గుచ్చడం చిల్లుకుండలో నీళ్లు పొయ్యడమే.

తిరగేసి కూడా జరుగుతుంది. షార్ట్ అయిన 4116 ఒకటి 12 వోల్టుల లైనుని కిందికి లాగి టీఆర్4ని కాలుస్తుంది. కొత్తగా వేసిన టీఆర్4 క్షణాల్లో చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే ఇంకో ట్రాన్సిస్టర్ వెతక్కండి. కరెంటు తీసేసి 8వ పిన్‌కీ 16వ పిన్‌కీ మధ్య రెసిస్టెన్స్ కొలవండి. కొద్ది ఓములే చూపిస్తే ఆ లైను మీద ఏదో షార్ట్‌లో ఉంది, ముందు అనుమానించాల్సింది ర్యామ్‌నే. ఎనిమిదీ ఒకే లైను మీద ఉంటాయి కాబట్టి ఎక్కడ కొలిచినా అంతే చూపిస్తుంది. ఏది దోషో తేలాలంటే ఆన్ చేసిన వెంటనే వేలితో తడిమి అన్నిటికంటే వేడిగా ఉన్నదాన్ని పట్టుకోవాలి.

అడాప్టర్ గురించి ఒక్కమాట. స్పెక్ట్రమ్ జాక్‌లో నడిమి పిన్ మైనస్. ఇప్పుడు కొట్లో దొరికే 9 వోల్టుల అడాప్టర్లలో ఎక్కువ భాగం నడిమి పిన్ ప్లస్. తిరగేసి ఇస్తే 7805తో మొదలుపెట్టి చాలా పోతాయి. పాత ట్రాన్స్‌ఫార్మర్ అడాప్టర్ లోడు లేకుండా 12, 13 వోల్టులు చూపిస్తే కంగారు పడనక్కర్లేదు. దాని స్వభావమే అంత.

4116కి 4116

బోర్డు 1982లో ఎలా ఉందో అలాగే ఉండాలనుకునేవాళ్లకి ఇదే దారి. పోయింది ఒకే చిప్ అయితే పనీ తక్కువే. బోర్డు మీద ఐసీ6 అనే చోట ఉన్న చిప్ డేటా బిట్ 0, అలా వరసగా ఐసీ13 బిట్ 7. వెనక తగిలించి మిషనుని పరీక్షించే డయాగ్నోస్టిక్ కార్ట్రిడ్జ్ ఏ బిట్ తప్పుతోందో చెబుతుంది కాబట్టి తియ్యాల్సిన చిప్ నేరుగా తెలిసిపోతుంది. కార్ట్రిడ్జ్ లేకపోతే మంచి చిప్‌ని అనుమానం ఉన్నదాని వీపు మీద కాళ్లు కలిసేలా నొక్కి పట్టి ఆన్ చెయ్యొచ్చు. లోపల తెగిపోయిన చిప్ అయితే ఇలా దొరుకుతుంది. షార్ట్ అయినదైతే దొరకదు.

చిక్కు ఎక్కడంటే, ఇప్పుడు అమ్మేవన్నీ 40 ఏళ్ల నాటి సరుకు. పాత పేరు చెరిపి కొత్త నంబరు కొట్టినవీ కలుస్తాయి. వేగం 150 నానోసెకన్లు, లేదా అంతకన్నా తక్కువ ఉన్నదే తీసుకోవాలి. నంబరు చివర ఉండే 2, 3 అంకెలకి ఒక్కో కంపెనీలో ఒక్కో అర్థం. డేటాషీట్ చూడకుండా కొనకండి. అన్నిటికన్నా పెద్ద లోటు, కొత్తగా వేసిన 4116 కూడా మైనస్ 5 దయాదాక్షిణ్యాల మీదే బతుకుతుంది. టీఆర్4 మళ్లీ పోయిన రోజున ఇదీ దానితో పోతుంది.

4164

నా మొగ్గు దీనివైపే. 4164 ఐదు వోల్టులతోనే నడుస్తుంది. కాళ్ల అమరిక 4116కి ఎంత దగ్గరగా ఉంటుందంటే, మార్చాల్సినవి రెండు కాళ్లే. 4164లో 8వ పిన్ ప్లస్ 5 సరఫరా. బోర్డు మీద అక్కడ 12 ఉంది కాబట్టి ఆ కాలు బయటికి వంచాలి. 1వ పిన్ చాలా 4164ల్లో ఖాళీ. దాన్నీ బయటికే వంచాలి, మైనస్ 5 తగలకూడదు. 9వ పిన్ అడ్రసు లైను ఏ7. బోర్డు మీద ఆ రంధ్రంలో ప్లస్ 5 ఉంది కాబట్టి అది ఎప్పుడూ హైగా ఉండిపోతుంది. 64కెలో మనకి కావాల్సింది 16కె మాత్రమే, అందుకని నష్టం లేదు. చివరగా వంచిన 8వ కాలుని సన్నని తీగతో 9వ కాలుకి కలిపితే పని పూర్తయినట్టే. రిఫ్రెష్ గురించి, అంటే చిప్‌లోని డేటా చెరిగిపోకుండా ఎప్పటికప్పుడు తాజా చెయ్యడం గురించి, భయపడక్కర్లేదు. ఏ7 కదలదు కాబట్టి వాడే వరసలు సగమే, ఆ సగాన్నీ స్పెక్ట్రమ్ ఎలాగూ రిఫ్రెష్ చేస్తూనే ఉంటుంది.

కాళ్లు వంచి చిప్ పాడుచెయ్యడం ఇష్టం లేకపోతే ఒక రౌండ్ పిన్ ఐసీ బేస్ (చిప్ గుచ్చే సాకెట్) తీసుకుని దాని 1, 8 కాళ్లు కత్తిరించండి. 8నీ 9నీ పైన తీగతో కలిపి దాన్ని బోర్డు మీది బేస్‌లో గుచ్చి, చిప్‌ని దానిలో పెట్టండి. ఎత్తు పెరుగుతుంది, కీబోర్డు మూత పడుతుందో లేదో సాల్డర్ చేసే ముందే చూసుకోవాలి. రబ్బరు కీల మోడల్లో చోటు తక్కువ.

జాగ్రత్తలు రెండు. మోటరోలా 6664 లాంటి కొన్నిటిలో 1వ పిన్ ఖాళీ కాదు, రిఫ్రెష్ పిన్. వాటిని వదిలేసి 1వ పిన్ ఖాళీగా ఉన్న రకమే ఎంచుకోండి. రెండోది, 4116 ఎక్కువ కరెంటు తీసుకునేది 12 లైను నుంచి. 4164 మొత్తం 5 లైను నుంచే తీసుకుంటుంది. ఎనిమిదీ మారిస్తే 7805 మీద భారం పెరుగుతుంది, దాని హీట్‌సింక్‌కి కొత్త పేస్టు తప్పనిసరి. ప్రతి చిప్ 8కీ 16కీ మధ్య 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్ పెడితే ఐదు వోల్టుల లైను నిలకడగా ఉంటుంది.

ఇందులో గొప్ప సుఖం, 4116ల పక్కనే 4164 కలిసి పనిచెయ్యడం. పోయిన ఒక్కటే మార్చి మిగతా ఏడింటినీ కదపకుండా వదిలెయ్యొచ్చు. పైగా అదే 4164 పై ర్యామ్‌కీ పనికొస్తుంది. ఐసీ15 నుంచి ఐసీ22 వరకూ ఉన్నవి సగం మాత్రమే బాగున్న 64కె చిప్పులు. అవి మొదటి నుంచీ ఐదు వోల్టులవే, వాటి స్థానంలో కాళ్లేమీ వంచకుండా 4164 వెయ్యొచ్చు. ఒక రకం చిప్పులు పదహారు కొని పెట్టుకుంటే బోర్డు మొత్తానికీ సరిపోతాయి. కోఠి గుజరాతీ గల్లీలోనో, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో పాత పీసీ ఎక్స్‌టీ మదర్‌బోర్డు తుక్కులో దొరికితే దాని మీద వెతకాల్సిన నంబరు ఇదే. 41256 కనబడినా పరవాలేదు. దానికి 1వ పిన్ ఏ8 కాబట్టి గాల్లో వదలకుండా 16కి కలపాలి, తక్కినదంతా మామూలే.

మాడ్యూల్

చిన్న బోర్డు మీద నాలుగేసి బిట్ల చిప్పులు రెండు పెట్టి, ఎనిమిది 4116ల చోటులోనూ కూర్చునేలా అమ్ముతారు. వేడి తక్కువ, మైనస్ 5తో పని లేదు, తీగలు లాగక్కర్లేదు. అయితే ఒక్కో 4116 ఒక్కో బిట్ మోస్తుంది కాబట్టి మాడ్యూల్‌కి ఎనిమిది చోట్లా కాళ్లు కావాలి. అంటే ఒక్క చిప్ పోయినా ఎనిమిదీ పీకాలి. 128 పిన్‌లు. అంతకుముందే ఎవరో ఎనిమిదింటికీ బేస్‌లు వేసిన బోర్డు చేతికొస్తే మాడ్యూల్ పెట్టెయ్యండి, అంతకన్నా సులువు లేదు. ఫ్యాక్టరీ సాల్డరింగ్ చెక్కుచెదరని బోర్డు మీద దీనికోసం 128 కాళ్లు పీకడం నాకు ససేమిరా ఇష్టం లేదు. పాత స్పెక్ట్రమ్‌లలో ర్యామ్ చిప్ కన్నా, చేతులు పెట్టాక లేచిపోయిన ట్రాకులే ఎక్కువ ఏడిపిస్తాయి.

కాబట్టి

ఒకటో రెండో పోతే పోయినచోట మాత్రమే 4164. నాలుగో, అంతకు మించో పోతే ఎనిమిదీ 4164లే. మిగిలిన 4116లు కూడా ఆ దెబ్బ తిన్నవే, వాటిని నమ్మలేం. ప్రదర్శనకి పెట్టే, ఎప్పుడో గానీ ఆన్ చెయ్యని మిషనైతే 4116 వెయ్యడంలో తప్పు లేదు.

పీకేటప్పుడు చిప్‌ని కాపాడాలని చూడకండి, బోర్డుని కాపాడండి. సన్నని కటర్‌తో కాళ్లని చిప్ ఒంటి దగ్గరే కత్తిరించండి. ప్రతి రంధ్రానికీ ముందు కొంచెం కొత్త లెడ్ తగిలించి, 340 డిగ్రీల దగ్గర కరిగించి, ట్వీజర్‌తో ఒక్కొక్క కాలే పైకి తియ్యండి. ఆ తర్వాతే లెడ్ పీల్చే పంపు వాడండి. 16వ పిన్ గ్రౌండ్ కాబట్టి వేడిని లాగేసుకుంటుంది, ఆలస్యంగా కరుగుతుంది. అక్కడ బలం పెడితే ప్యాడ్ ఊడొస్తుంది. ఖాళీ అయిన చోట రౌండ్ పిన్ బేస్ వెయ్యండి. కాకినాడ, విశాఖ లాంటి చోట్ల ఉప్పుగాలికి చవక బేస్‌ల రేకు కాంటాక్టులు నల్లబడి, బాగున్న చిప్‌నే చచ్చినదానిలా చూపిస్తాయి.

బేస్ ఖాళీగా ఉండగానే ఆన్ చేసి కొలవండి. 1 మీద మైనస్ 5, 8 మీద 12, 9 మీద 5 దగ్గర దగ్గరగా ఉండాలి. మైనస్ 5 తగ్గి ఉంటే ఆ సర్క్యూట్‌లోని ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు మార్చి మళ్లీ చూడండి. మూడూ సరిగా వచ్చాకే చిప్ పెట్టాలి. ఎనిమిదీ 4164లైపోయినా 12 వోల్టులు అక్కర్లేదనుకోకండి. రంగుల సిగ్నల్ తయారుచేసే ఎల్ఎం1889కి అవి కావాలి. బొమ్మ వచ్చి రంగులు రాకపోతే ఆ చిప్‌ని అనుమానించే ముందు టీఆర్4 చుట్టూ చూడండి.

లేచాక బేసిక్‌లో ప్రింట్ పీక్ 23732+256*పీక్ 23733 (PRINT PEEK 23732+256*PEEK 23733) అని కొట్టండి. ఆన్ చేసినప్పుడు మిషను పరీక్షించి తేల్చుకున్న ర్యామ్ చివరి అడ్రసు చూపిస్తుంది. 65535 వస్తే 48కె మొత్తం కనబడుతున్నట్టు. 32767 వస్తే కింది ర్యామ్ వరకూ పని అయిపోయింది, ఇక పై ర్యామ్ చూడాలి. రెంటి మధ్య ఇంకేదైనా అంకె వస్తే పై ర్యామ్‌లో ఆ అడ్రసు పైన తప్పు ఉంది. గంట వాడి మిషను బాగా వేడెక్కాక, ఆపి వెంటనే మళ్లీ ఆన్ చేసి ఇంకోసారి కొట్టి చూడండి, అంకె మారకూడదు.