కౌంటర్ ఇంటెలిజెన్స్ నుంచి సివిల్‌లోకి: బ్యాంకు కౌంటరా, క్లెయిముల దర్యాప్తా, సొంత ఏజెన్సీయా? ఏది మేలు?

సైన్యపు ఇంటెలిజెన్స్ కోర్‌లో, శత్రువుల గూఢచర్యాన్ని పసిగట్టే కౌంటర్ ఇంటెలిజెన్స్ పనిలో ఇరవై, ఇరవై రెండేళ్లు చేసి హవల్దారుగానో నాయబ్ సుబేదారుగానో విజయవాడ, గుంటూరు వైపు తిరిగొచ్చే మనిషికి నలభై దాటి ఒకటో రెండో ఏళ్లు ఉంటాయి. పింఛను వస్తుంది. పిల్లలు ఇంకా ఇంటర్‌లోనే ఉంటారు. మరో పదిహేనేళ్లు గట్టిగా పనిచేసే సత్తువ ఉంటుంది. ఊళ్లో దిగిన వారానికే చుట్టాలు చెప్పే మాట ఒకటే: "సెక్యూరిటీ ఏజెన్సీ పెట్టు బావా, మిలిటరీవాడివంటే కాంట్రాక్టులు వాటంతటవే వస్తాయి." ఆ మాట నమ్మి గ్రాట్యుటీ, కమ్యుటేషన్ (పింఛనులో కొంత భాగానికి బదులు ఒకేసారి ముందే తీసుకునే మొత్తం) డబ్బులు బయటికి తీసే ముందు మిగతా దారులు కూడా పక్కన పెట్టి చూడాలి.

మా తీర్పు ముందే చెప్పేస్తాం. నేర్చుకున్న పనికి దగ్గరగా ఉండేది బీమా క్లెయిములు, రుణాల మోసాల దర్యాప్తు. ఇంటికి నిలకడనిచ్చేది బ్యాంకు క్లర్కు ఉద్యోగం. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డు కావు, కానీ ఏది ముందు ఏది తర్వాత అన్న వరస తప్పితే నష్టం. ఏజెన్సీ మూడోది. డిటెక్టివ్ పని వద్దే వద్దు.

బ్యాంకు: వయసుతో పందెం

ప్రభుత్వ రంగ బ్యాంకుల క్లర్కు పోస్టుల్లో మాజీ సైనికులకు 10 శాతం కోటా ఉంది. వికలాంగులైన మాజీ సైనికులకు, యుద్ధంలో చనిపోయినవాళ్ల కుటుంబాలకు మరో 4.5 శాతం. వయసు లెక్క చాలామంది తప్పుగా వేసుకుంటారు. క్లర్కుకు మామూలు పరిమితి 28. దానికి మీరు చేసిన సర్వీసు, ఇంకో మూడేళ్లు కలపాలి, అయితే 50 దాటకూడదు. పంతొమ్మిదో ఏట చేరి 22 ఏళ్లు చేసినవాడికి 28, 22, 3 కలిపి 53 వస్తుంది, కానీ 50 దగ్గరే గీత పడుతుంది. అంటే 41 ఏళ్లకు బయటికొస్తే చేతిలో తొమ్మిదేళ్లు ఉన్నట్టు.

డిగ్రీ లేదని ఆగిపోనక్కర్లేదు. పదో తరగతి పాసై, పదిహేనేళ్లకు తక్కువ కాకుండా సర్వీసు చేసి, ఆర్మీ స్పెషల్ సర్టిఫికెట్ ఆఫ్ ఎడ్యుకేషన్ పొందినవాళ్ల దరఖాస్తును క్లర్కు పోస్టుకు తీసుకుంటారు. ప్రిలిమ్స్‌లో గంటలో 100 ప్రశ్నలు: ఇంగ్లీషు 30, లెక్కలు 35, రీజనింగ్ 35. ఒక్కో విభాగానికి ఇరవై నిమిషాలే, తప్పుకు పావు మార్కు పోతుంది. మన దగ్గరివాళ్లు ఎక్కువగా చతికిలపడేది లెక్కల దగ్గర. శాతాలు, నిష్పత్తులు, వడ్డీ లెక్కలు రోజుకు గంటన్నర చొప్పున ఆరు నెలలు చేస్తే తేడా తెలుస్తుంది. తెలుగు చదవడం, రాయడం పరీక్షిస్తారు కాబట్టి పాతికేళ్లు హిందీలోనే మునిగినవాళ్లు రోజూ పేపరు చదివి, ఒక పేజీ చేత్తో రాయడం మొదలుపెట్టాలి.

మూల వేతనం 24,050 దగ్గర మొదలవుతుంది, కానీ మాజీ సైనికుడికి సైన్యంలో చివర తీసుకున్న జీతాన్ని చూసి స్థిరపరుస్తారు. అందుకే చివరి జీతం సర్టిఫికెట్ డిశ్చార్జి కాగితాలతోపాటే తెచ్చుకోవాలి. తర్వాత రికార్డు ఆఫీసుకు ఉత్తరాలు రాస్తూ కూర్చుంటే జీతం స్థిరీకరణ నెలల తరబడి వాయిదా పడుతుంది. పింఛను యథావిధిగా వస్తూనే ఉంటుంది.

లోటు ఒకటుంది, అది చిన్నది కాదు. మనిషి ముఖం చూసి అబద్ధం పసిగట్టే చేత్తో పాస్‌బుక్కులు ప్రింటు వేయాల్సి వస్తుంది. కొందరికి అది హాయి, కొందరికి రెండేళ్లలోనే ఊపిరాడదు.

క్లెయిముల దర్యాప్తు: నేర్చింది అక్కరకొచ్చే చోటు

ఇందులో రెండు రకాలున్నాయి. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీల్లో రుణ దరఖాస్తుల కాగితాలు నిజమా కాదా చూసే విభాగాలు ఉంటాయి. వాటిని ఆర్‌సీయూ అంటారు. అది నెల జీతం పని. బీమా కంపెనీల పని ఎక్కువగా కేసుకింత అని ఇస్తారు, మధ్యలో ఒక దర్యాప్తు సంస్థ ఉంటుంది. కేసు రేటులోనే పెట్రోలు, జిరాక్సు ఖర్చు కలిసి ఉందో లేదో ఒప్పుకునే ముందే అడగాలి. తెనాలి, రేపల్లె, పిడుగురాళ్ల తిరిగి వచ్చాక అడిగితే ఫలితం ఉండదు. ఇంకో మాట: దర్యాప్తు చేసేవాడు వేరు, సర్వేయరు వేరు. నష్టం విలువ కట్టే సర్వేయరుకు బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ లైసెన్సు ఉండాలి. మీ నివేదికలో నష్టం అంకె వేయబోకండి, అది మీ పని కాదు.

జీవిత బీమాలో మొదటి మూడేళ్లలో వచ్చిన మరణ క్లెయిముల మీదే దర్యాప్తు ఎక్కువ. బీమా చట్టం సెక్షన్ 45 ప్రకారం మూడేళ్లు నిండిన పాలసీని ఏ కారణం చెప్పీ కంపెనీ ప్రశ్నించలేదు కాబట్టి. ఒక కేసును దగ్గరగా చూద్దాం. పాలసీ తీసుకున్న ఎనిమిది నెలలకు ఒకాయన గుండెపోటుతో పోయారని క్లెయిము వచ్చిందనుకోండి. ముందు తేదీలన్నీ ఒకే కాగితం మీద వరసగా రాయాలి: పాలసీ దరఖాస్తు, మొదటి ప్రీమియం, ఆసుపత్రిలో చేరిక, మరణం, మరణ నమోదు. తర్వాత ఊరికి వెళ్లాలి. పంచాయతీ కార్యదర్శి దగ్గర మరణ నమోదు ఏ తేదీన జరిగింది, సమాచారం ఇచ్చిందెవరు అన్నది చూడాలి. ఉపాధి హామీ మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు) ఇంటర్నెట్‌లో అందరికీ కనిపిస్తాయి. పాలసీ నాటికే మంచం పట్టాడని ఊరు అంటున్న మనిషి ఆ వారాల్లో పనికి వెళ్లినట్టు మస్టరుంటే, ఊరి మాటో మస్టరో ఒకటి తప్పు. పాత ఓపీ చీటీలు, మందుల బిల్లులు కుటుంబాన్నే అడగాలి. ఆసుపత్రి కేస్ షీటు కావాలంటే నామినీ సంతకంతో అనుమతి పత్రం తీసుకుని వెళ్లాలి, లేకపోతే తీసుకోకూడదు.

వాహన క్లెయిముల్లోనూ సగం పని తేదీలు, వేళలదే. మంగళగిరి దగ్గర లారీ గుద్దిందని చెప్పిన వేళకు ఆ బండి కాజా టోల్ దాటిందా? ఫాస్టాగ్ ఖాతా వివరాలు బండి యజమానిని అడిగి తీసుకోవచ్చు. ప్రమాదాలు, గాయాల కేసులు రాసే ఆసుపత్రి మెడికో లీగల్ రిజిస్టరులో ఉన్న వేళ, ఎఫ్‌ఐఆర్‌లో ఘటన వేళ, ఫిర్యాదు అందిన వేళ మూడూ పక్కపక్కన పెడితే కథలో అతుకు ఎక్కడుందో కనిపిస్తుంది.

మన విద్య ఉపయోగపడేది ఇక్కడే, దెబ్బతినేది కూడా ఇక్కడే. సైన్యంలో సోర్సుకో అక్షరం, సమాచారానికో అంకె వేసి నమ్మకం ఎంతో చెబితే చాలు, సోర్సు పేరు దాచడమే ధర్మం. బీమా నివేదికలో "నమ్మదగిన వ్యక్తి ద్వారా తెలిసింది" అన్న వాక్యానికి విలువ సున్నా. రేపు వినియోగదారుల కమిషన్ ముందు అది నిలబడదు, కంపెనీ ఓడిపోతే మీకు మళ్లీ కేసు రాదు. మాట చెప్పినవాడి పేరు, సంతకం, తేదీ ఉండాలి. ప్రతి జిరాక్సు మీద "అసలు చూశాను" అని రాసి సంతకం పెట్టాలి.

ఎలక్ట్రానిక్ సాక్ష్యం సంగతి మరీ ముఖ్యం. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద ఫుటేజీకి, ఫోన్ ఫొటోలకు సర్టిఫికెట్ కావాలి. అందులో ఫైలు హాష్ విలువ (ఫైలు మారలేదని తేల్చే అక్షరాలు, అంకెల గుర్తు) రాయాలి. సమర్పించేవాళ్లు ఒక భాగం, నిపుణుడు ఇంకో భాగం నింపాలి. గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీలో సరుకు మాయమైన కేసనుకోండి. డీవీఆర్ (సీసీ కెమెరాల రికార్డరు) గడియారం అసలు టైముకు ఎంత ముందో వెనకో మొదట చూసి రాసుకోవాలి. మీ ఫోన్ టైమూ డీవీఆర్ తెరా ఒకే ఫొటోలో పడేలా తీస్తే చాలు. హార్డ్ డిస్కు నిండితే పాత ఫుటేజీ మీదే కొత్తది రికార్డవుతుంది కాబట్టి మొదటిరోజే కాపీ తీయించాలి. తెరను ఫోన్‌తో వీడియో తీసి పంపడం చాలామంది చేసే పొరపాటు. అది అసలు ఫైలు కాదు.

అడిగే తీరు కూడా మారాలి. మీకిప్పుడు అధికారం లేదు. గదిలో కూర్చోబెట్టి వెళ్లనివ్వకపోతే భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) సెక్షన్ 127 కింద అక్రమ నిర్బంధం. పాత కార్డు చూపించి ఇంకా డ్యూటీలో ఉన్నట్టు మాట్లాడితే సెక్షన్ 204. ఆడవాళ్లతో మాట్లాడాలంటే పగటిపూట, ఇంట్లో ఇంకొకరు ఉన్నప్పుడే.

సెక్యూరిటీ ఏజెన్సీ: లైసెన్సు తేలిక, డబ్బు తిరగడం కష్టం

2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కింద లైసెన్సు ఫీజు ఒక జిల్లాకు 5,000, ఐదు జిల్లాల దాకా 10,000, రాష్ట్రమంతటికీ 25,000 రూపాయలు. ఐదేళ్లు చెల్లుతుంది, ఆరు నెలల్లో పని మొదలుపెట్టాలి. గార్డుకు 160 గంటల శిక్షణ తప్పనిసరి, మాజీ సైనికుడైతే 56 గంటలు చాలు. గార్డుల యూనిఫాం సైన్యం, పోలీసు దుస్తుల్లా ఉంటే అదే ఒక నేరం.

అసలు లెక్క చూడండి. ముప్పైమంది గార్డులు, ఒక్కొక్కరికి ఉదాహరణకు 14,000. జీతాలు 4,20,000. యజమాని వాటా పీఎఫ్ ఖర్చులతో కలిపి 13 శాతం, 54,600. ఈఎస్ఐ 3.25 శాతం, 13,650. మొత్తం 4,88,250. దాని మీద 8 శాతం సర్వీసు చార్జీ దొరికితే చేతికి 39,060. ఇందులోనే సూపర్‌వైజరు, బండి, ఆఫీసు అద్దె. అపార్టుమెంటు సంఘమో ఆసుపత్రో బిల్లు రెండు నెలలకు కడితే, అంతవరకు పది లక్షలకు దగ్గరగా మీ జేబులోంచి తిరగాలి. జీతం ఏడో తారీకుకు పడకపోతే గార్డు పక్క ఏజెన్సీకి వెళ్తాడు, పీఎఫ్, ఈఎస్ఐ 15వ తేదీకి కట్టకపోతే వడ్డీ. కంపెనీగా నమోదైతే బిల్లు డబ్బు రాకున్నా 18 శాతం జీఎస్టీ కట్టేయాలి. మునిగిపోయిన ఏజెన్సీల్లో దొంగతనాల వల్ల పోయినవి తక్కువ, ఈ రెండు నెలల ఎడం వల్ల పోయినవి ఎక్కువ. ఆరు నెలల జీతాలకు సరిపడా డబ్బు వేరే ఉండి, బిల్లు ముప్పై రోజుల్లో కడతామని రాసిచ్చే ఇద్దరు కస్టమర్లు ఉంటేనే దిగండి.

డిటెక్టివ్ పని, సైబర్

ప్రైవేటు డిటెక్టివ్‌లకు దేశంలో లైసెన్సు చట్టమే లేదు. 2007లో పార్లమెంటు ముందుకొచ్చిన బిల్లు చట్టం కాలేదు. వచ్చే పని ఎక్కువగా పెళ్లి సంబంధాల ఎంక్వైరీలు, భార్యాభర్తల అనుమానాలు. మూడో ఫోన్‌కల్లా పార్టీ అడిగేది కాల్ డేటా. 2018లో ఠాణే పోలీసులు ఆ రికార్డుల అమ్మకం కేసులో ప్రైవేటు డిటెక్టివ్‌లనే అరెస్టు చేశారు. ఆడపిల్ల వెనక పడితే వెంటాడిన నేరం కింద మీ మీదే కేసు. ఇరవై ఏళ్ల మచ్చలేని సర్వీసును ఇలాంటి పనికి ఎందుకు పణంగా పెట్టాలి?

సైబర్ సెక్యూరిటీ మంచిదే, కానీ సర్వీసులో నెట్‌వర్కుల పని చేసినవాళ్లకే. లేకుంటే నలభై రెండేళ్లకు రాత్రి షిఫ్టులో అలర్టులు చూసే మొదటి మెట్టు దగ్గర, పాతికేళ్ల పిల్లల పక్కన మొదలుపెట్టాలి. గన్నవరంలో హెచ్‌సీఎల్ ఉన్నా, ఈ రకం ఉద్యోగాలకు చివరికి హైదరాబాదు వెళ్లాల్సి రావచ్చు.

రెజ్యూమె, వరస

అధికార రహస్యాల చట్టం డిశ్చార్జితో ఆగిపోదు. యూనిట్ పేరు, ఊరు, ఆపరేషన్, మనుషులు ఏదీ రాయొద్దు. ఇంటర్వ్యూలో అడిగినా "అది చెప్పకూడదు" అంటే చాలు, మంచి కంపెనీ దాన్ని మెచ్చుకుంటుంది. రాయాల్సినవి ఇవి: మనుషుల పూర్వాపరాల పరిశీలన, కాగితాల భద్రత తనిఖీ, విచారణ, నివేదికల రచన, తెలిసిన భాషలు. ఎన్నేళ్లు, ఎంతమందితో అన్నది చెప్పండి, ఎక్కడ అన్నది వదిలేయండి. డీజీఆర్ (సైనికుల పునరావాసం చూసే రక్షణ శాఖ కార్యాలయం) కోర్సులు ప్రధానంగా సర్వీసు చివర్లో ఇస్తారు కాబట్టి బయటికి రాకముందే అడగాలి.

వరస ఎందుకన్నామంటే, కోటా మీద ప్రభుత్వ ఉద్యోగంలో ఒకసారి చేరితే మళ్లీ ఆ కోటా వాడుకునే హక్కు పోతుంది. ప్రైవేటు దర్యాప్తు పనిలో చేరితే పోదు. కాబట్టి ముందు ఆర్‌సీయూలోనో క్లెయిముల్లోనో చేరి ఇల్లు నడుపుకుంటూ, 50 నిండేలోపు ప్రతి క్లర్కు నోటిఫికేషన్‌కూ రాయొచ్చు. ఒక మినహాయింపు ఉంది: మొదటి ప్రభుత్వ ఉద్యోగంలో చేరకముందే వేరేవాటికి పెట్టిన దరఖాస్తులకు కోటా నిలుస్తుంది. అయితే చేరిన రోజే ఆ దరఖాస్తుల వివరాలు తేదీలతో సహా రాసి కొత్త ఆఫీసుకు ఇవ్వాలి. అందుకే మొదటి దరఖాస్తు నుంచే ఒక నోటుపుస్తకంలో పోస్టు పేరు, నోటిఫికేషన్ నంబరు, పంపిన తేదీ రాసుకుంటూ పోవాలి, రసీదు ప్రింటు అదే పేజీకి అంటించాలి.