పాత పెట్రోల్ ట్రాక్టర్‌కు పాయింట్లా, ఎలక్ట్రానిక్ ఇగ్నిషనా: ఏది మేలు?

ఫోర్డ్ 8ఎన్ కాలం నాటి పెట్రోల్ ట్రాక్టర్ మొరాయిస్తే చాలామంది చెప్పే సలహా ఒకటే: పాయింట్లు (తెరుచుకుంటూ మూసుకుంటూ స్పార్క్ పుట్టించే చిన్న స్విచ్చు మొనలు) పీకేసి, ఆ పనిని ఒక మాడ్యూల్‌తో చేయించే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వేయించమని. నాకు అంత తొందర లేదు.

ఎందుకంటే, సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజను మూలుగుతూ తిరుగుతుంటే ఈ రెండింటిలో ఏది ఉన్నా ఒకటే. ఆ ట్రాక్టర్లు కంపెనీ నుంచి 6 వోల్టులతో వచ్చాయి. వోల్టేజి సగం కాబట్టి అంతే పనికి రెట్టింపు కరెంటు లాగుతాయి. 12 వోల్టుల బండికి సరిపోయే సన్న కేబుల్ వేస్తే స్టార్టర్‌కు చేరాల్సిన వోల్టేజి దారిలోనే హరించుకుపోతుంది. లావు కేబుల్ వేసి, ఎర్త్ (బ్యాటరీ తీగను బండి ఇనుముకు కలిపేది) బిగించే చోట తుప్పు, రంగు గీకి చూడండి. సగం కేసులు అక్కడే తేలిపోయినా నేను ఆశ్చర్యపోను.

ఇంజను చురుగ్గా తిరుగుతూ కూడా అందుకోకపోతే అప్పుడు స్పార్క్ సంగతి. పెట్రోలు ఆవిరి లేని చోట స్పార్క్ టెస్టర్ పెట్టి చూస్తే, పావు అంగుళం సందును దాటే నీలి రవ్వ టపటపా కొట్టాలి. పసుపుపచ్చగా సన్నగా వస్తే పాయింట్లను అనుమానించాలి. నెలల తరబడి షెడ్డులో నిలిపిన బండిలో పాయింట్ల మొనల మీద కంటికి కనిపించని పొర పడుతుంది. కాంటాక్ట్ క్లీనర్‌తో తడిపిన మందపాటి తెల్ల కాగితాన్ని వాటి మధ్య పెట్టి లాగితే నల్లటి చార వస్తుంది. చార రావడం ఆగేదాకా లాగండి. ఆ తర్వాత గ్యాప్, అంటే పాయింట్లు పూర్తిగా తెరుచుకున్నప్పుడు వాటి మధ్య సందు: డిస్ట్రిబ్యూటర్ (పాయింట్లు ఉండే, ప్లగ్గులకు స్పార్క్ పంచే భాగం) ఇంజను ముందు ఉన్న మోడల్‌కు 0.015 అంగుళం, పక్కన ఉన్నదానికి 0.025. ముందున్నదానికి పొరపాటున పెద్ద గ్యాప్ పెడితే పాయింట్లు మూసుకుని ఉండే సమయం తగ్గి, కాయిల్ (బ్యాటరీ వోల్టేజిని స్పార్క్‌కు సరిపడా పెంచేది) నిండకముందే తెరుచుకుంటాయి. స్పార్క్ నీరసిస్తుంది.

పాయింట్లలో నాకు నచ్చేది ఇదే: ఏం పాడైందో కళ్లకు కనిపిస్తుంది, ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే సన్న రేకులతో) అక్కడికక్కడే సరిచేసుకోవచ్చు. ఎలక్ట్రానిక్ మాడ్యూల్ పోతే మార్చడమే తప్ప సరిచేసేదేమీ ఉండదు. పైగా సెల్ఫ్ కొట్టేటప్పుడు నీరసమైన 6 వోల్టుల బ్యాటరీ మరీ దిగజారితే కొన్ని మాడ్యూళ్లు పనిచేయడం మానేస్తాయి. పాయింట్లు ఆ స్థితిలోనూ ఎంతో కొంత లాక్కొస్తాయి.

అయితే డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్ బుషింగ్ (షాఫ్ట్‌ను కదలకుండా పట్టి ఉంచే గొట్టం) అరిగి షాఫ్ట్ ఊగుతుంటే పాయింట్ల గ్యాప్ నిలకడగా ఉండదు. బుషింగ్ మార్పించే ఓపిక లేకపోతే ఎలక్ట్రానిక్‌దే పైచేయి, అది ఆ ఊపును చాలావరకు ఓర్చుకుంటుంది. ముందు డిస్ట్రిబ్యూటర్ ఉన్న 8ఎన్‌లో ఇంకో బాధ ఉంది. అది ఫ్యాన్ వెనక ఇరుకులో ఉంటుంది, పాయింట్లు సర్దాలంటే మొత్తం విప్పి బల్ల మీద పెట్టుకోవాలి. ఏటా ఆ పని చేయలేనివారికి ఎలక్ట్రానిక్ నిజంగా సుఖం. 1950లో డిస్ట్రిబ్యూటర్‌ను ఇంజను పక్కకు మార్చాక ఆ తిప్పలు తగ్గాయి.

12 వోల్టులకు మార్చడం మూడో దారి. ఇంజను జోరుగా తిరుగుతుంది, నిజమే. కాయిల్ మాత్రం 12 వోల్టులది వేయాలి, లేదా వోల్టేజి తగ్గించే రెసిస్టర్ పెట్టాలి. రెండూ మరిచి పాత కాయిల్‌తోనే నడిపితే అది కాలిపోతుంది.

నన్నడిగితే 6 వోల్టుల మీదే ఉన్న, షాఫ్ట్ బిగువుగా ఉన్న బండికి పాయింట్లే ఉంచుతాను. 12 వోల్టులకు ఇప్పటికే మారిన బండి అయితే ఎలక్ట్రానిక్ వేస్తాను. కిట్ కొనేముందు బండిలో ఎర్త్ అయ్యేది పాజిటివా, నెగెటివా అన్నది చూసుకోవాలి. 8ఎన్‌కు మొదట ఉన్నది పాజిటివ్ ఎర్త్. తీగలు తారుమారైతే కొత్త మాడ్యూల్ తాళం తిప్పగానే కాలిపోవచ్చు. ప్లగ్గు తీగలు కూడా రెసిస్టెన్స్ ఉన్న రకానివే వాడండి. మామూలు రాగి తీగల నుంచి వచ్చే విద్యుత్ రొద మాడ్యూల్‌ను తికమక పెడుతుంది.