హోనర్ స్పెషల్ 20 రివ్యూ: ఆ కుర్రవాళ్ళు పలికించేది ఇందులో పలుకుతుందా?

ముందే చెప్పేస్తాను, మౌతార్గాన్, అంటే హార్మోనికా, నేర్చుకోవాలనుకునే పిల్లలకైనా పెద్దలకైనా మొదటి వాయిద్యంగా నేను చెప్పే పేరు హోనర్ స్పెషల్ 20, అదీ C శ్రుతిలో. కానీ "బాగుంది, కొనండి" అని వదిలేస్తే చెప్పాల్సింది చెప్పినట్టు కాదు. ఈమధ్య హార్మోనికా కొంటున్నవాళ్ళలో చాలామంది ఎవరో కుర్రాడో అమ్మాయో వాయించిన వీడియో చూసి, అరచేతిలో ఇమిడిపోయే ఇంత చిన్న వస్తువులోంచి అంత గొంతు ఎలా వస్తోందా అని ఆశ్చర్యపోయి కొంటున్నారు. కొన్నాక తాము ఊదితే బొమ్మ పీక చప్పుడే వస్తోందని కొద్దిరోజుల్లోనే డ్రాయర్లో పడేస్తున్నారు. అందుకే ఈ రివ్యూలో నేను చూసేది ఒకటే. ఆ పిల్లల వాయింపులో మనల్ని కట్టిపడేసేది ఏమిటి, అందులో ఈ వాయిద్యం వాటా ఎంత, వాయించేవాళ్ళ వాటా ఎంత.

చిన్న వయసులో ఈ వాయిద్యంతో పేరు తెచ్చుకోవడం ఇవాళ మొదలైంది కాదు. అమెరికా గాయకుడు స్టీవీ వండర్ హార్మోనికా వాయించిన "ఫింగర్‌టిప్స్" 1963లో అమెరికా పాప్ చార్టులో మొదటి స్థానానికి వెళ్ళేనాటికి అతనికి 13 ఏళ్ళు. బ్లూస్ అనే అమెరికా నల్లజాతి సంగీతంలో పేరుపడ్డ లిటిల్ వాల్టర్ 1952లో "జూక్" రికార్డు చేసినప్పుడు 22 ఏళ్ళవాడు, పాడటమన్నదే లేకుండా ఒట్టి హార్మోనికాతో నడిచే ఆ ట్రాక్ రిథమ్ అండ్ బ్లూస్ చార్టులో 8 వారాలు మొదటి స్థానంలో ఉంది. ఇప్పటి తరంలో నేను మళ్ళీ మళ్ళీ వినేది బ్రెజిల్ అమ్మాయి ఇండియారా స్ఫైర్, హాంకాంగ్ కుర్రాడు సై లియో, జర్మనీ నుంచి కాన్‌స్టాంటిన్ రైన్‌ఫెల్డ్. ముగ్గురివీ మూడు దారులు. కానీ ముగ్గురిలోనూ నాకు ముందు వినిపించేది వేగం కాదు, నిజానికి హార్మోనికాలో వేగం అంత గొప్ప సంగతేమీ కాదు, ఊపిరి ఇటూ అటూ తిప్పుతూ పెదాలు జరిపితే వేగంగా ఏదో ఒకటి వచ్చేస్తుంది. వినిపించేది ఒక స్వరం మీద ఆగినప్పుడు అది ఎంత నిలకడగా, ఎంత శ్రుతిలో ఉందన్నది.

ఎందుకు అంత కష్టమో తెలియాలంటే పెట్టె లోపల ఏముందో కాస్త చూడాలి. పది రంధ్రాలు, ఒక్కో దానికి రెండు రీడ్లు (గాలికి కంపించే పలచని లోహపు నాలుకలు), మొత్తం 20. ఒకటి ఊదితే పలుకుతుంది, ఇంకోటి పీలిస్తే పలుకుతుంది. మన సరిగమల్లో చెప్పుకుంటే 4వ రంధ్రం ఊదితే స, పీలిస్తే రి. 5 ఊదితే గ, పీలిస్తే మ. 6 ఊదితే ప, పీలిస్తే ద. 7 దగ్గరికొచ్చేసరికి తిరగబడి, పీలిస్తే ని, ఊదితే పై స. మధ్య స్థాయి పూర్తిగా ఉంది, పిల్లలు మామూలు పాటలు ఇక్కడే వాయించేసుకోవచ్చు. కింది స్థాయిలో మాత్రం మ, ద లేవు. పై స్థాయిలో ని లేదు. ఇది తయారీలో లోపం కాదు, ఊదినా పీల్చినా నాలుగైదు స్వరాలు కలిసి ఇంపుగా మోగాలని పాతకాలం నుంచీ వస్తున్న అమరిక. ఆ లేని స్వరాలు ఎక్కడినుంచి తేవాలి? అక్కడే మొదలవుతుంది అసలు విద్య.

3వ రంధ్రం తీసుకోండి. ఊదితే ప, పీలిస్తే ని. పీలుస్తూ నాలుక వెనక భాగాన్ని కొంచెం వెనక్కీ కిందికీ లాగితే, నోట్లో "ఈ" అనే ఆకారం నుంచి "ఊ" అనే ఆకారానికి మారినట్టుగా, స్వరం కిందికి జారుతుంది. దీన్నే బెండ్ అంటారు. అంటే ఒక్కో స్వరస్థానం దిగుతూ, కాకలి నిషాదం నుంచి కైశికి నిషాదానికి, అక్కడి నుంచి చతుశ్రుతి ధైవతానికి, ఇంకా లాగితే శుద్ధ ధైవతానికి. ఒకే రంధ్రం, ఒకే పీల్పు, నాలుగు స్వరాలు. మీట లేదు, మెట్టు లేదు, వేలు పెట్టి పట్టుకోవడానికి ఏమీ లేదు, కంటికి కనిపించేదీ లేదు. స్వరం జారేకొద్దీ పీల్చే రీడ్‌తో పాటు పక్కనే ఉన్న ఊదే రీడ్ కూడా కదిలి పలకడం మొదలుపెడుతుంది కాబట్టే ఇది సాధ్యం. ప, ని మధ్య మూడు స్వరస్థానాలు ఖాళీగా ఉన్నాయి కాబట్టి మూడు దొరుకుతాయి. 2వ రంధ్రంలో గ, ప మధ్య రెండే ఉన్నాయి, రెండే దొరుకుతాయి. 5వ దాంట్లో గ, మ పక్కపక్కనే, అక్కడ ఎంత లాగినా సరైన బెండ్ రాదు, పాపం చాలామంది దానితో కుస్తీ పడుతుంటారు.

మామూలుగా నేర్చుకున్నవాళ్ళు 3వ రంధ్రంలో ని నుంచి జారుకుంటూ వచ్చి ద దగ్గర ఎక్కడో ఆగుతారు. అది ద కి కాస్త పైనా, కాస్త కిందా అన్నది వాళ్ళకే తెలియదు. ప్రతిభ ఉన్న పిల్లలు జారకుండా నేరుగా ఆ ద మీదే స్వరం మొదలుపెడతారు, అంటే శబ్దం రాకముందే నోటి లోపల ఆకారం సిద్ధంగా ఉందన్నమాట, ముందు ఆ స్వరం వాళ్ళ చెవిలో మోగితే తప్ప అది జరగదు. అక్కడితో ఆగకుండా దాని మీద గొంతుతో చిన్న కంపనం ఇస్తారు, పాట నడకకు సరిపోయే వేగంలో. చేతులు తెరిచి మూసి చేసే కంపనం వేరు, అది ఎవరికైనా తొందరగా వస్తుంది. బెండ్ చేసిన స్వరం మీద శ్రుతి చెదరకుండా గొంతుతో కంపనం ఇవ్వగలిగారంటే ఆ కుర్రాడో అమ్మాయో చాలా సాధన చేశారని నేను నమ్ముతాను. మన గాయకుల గమకానికి ఎంత విలువ ఇస్తామో దీనికీ అంత ఇవ్వాలి.

స్పెషల్ 20 దగ్గరికి వస్తే, ఈ బెండ్లు ఇందులో చాలా తేలిగ్గా లొంగుతాయి. అదే దీని గొప్ప. గాలి పక్కనుంచి కారిపోదు, చిన్న ఊపిరికీ రీడ్ పలుకుతుంది. చవకరకం వాటిలో రీడ్ ప్లేటు (రీడ్లు బిగించిన లోహపు పలక), కోంబ్ (ఆ పలకల మధ్య గాలి గదులుండే చట్రం) సరిగా అతుక్కోక గాలి పోతుంటుంది, అది తెలియక పిల్లలు గట్టిగా పీల్చి పీల్చి అదే అలవాటు చేసుకుంటారు, ఆ అలవాటు తర్వాత మానిపించడం ఎంత కష్టమో నేర్పేవాళ్ళని అడగాలి. దీని కోంబ్ ప్లాస్టిక్‌ది, కాబట్టి లాలాజలం తగిలి ఉబ్బదు. ఇదే కంపెనీ 1896లో మొదలుపెట్టి ఇప్పటికీ అమ్ముతున్న మెరీన్ బ్యాండ్‌లో కోంబ్ చెక్కది, ఆ నాదం నాకూ ఇష్టమే, కానీ అందులో ప్లేట్లు మేకులతో బిగించి ఉంటాయి, విప్పి శుభ్రం చేయడం కొత్తవాళ్ళ పని కాదు. స్పెషల్ 20లో స్క్రూడ్రైవర్ చాలు. పైగా రీడ్ ప్లేట్ల అంచులు కోంబ్ లోపలికి ఉంటాయి, పెదాలకి గీసుకోవు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, పెదవి నొప్పి పుట్టిన పిల్లవాడు మర్నాడు దాన్ని ముట్టుకోడు.

ఒక సంగతి మాత్రం కొన్నవాళ్ళు కంగారు పడకుండా తెలుసుకోవాలి. "2వ రంధ్రం పీలిస్తే పలకడం లేదు, డిఫెక్ట్ పీస్" అని రివ్యూలు కనిపిస్తుంటాయి. దాదాపు ఎప్పుడూ తప్పు రీడ్‌ది కాదు. కొత్తలో అందరూ నోరు బిగబట్టి పీలుస్తారు, దాంతో తెలియకుండానే స్వరం బెండ్ అయి మూలిగినట్టు వస్తుంది. పరీక్ష చాలా సులువు: 3వ రంధ్రం ఊదితే వచ్చేదీ, 2వ రంధ్రం పీలిస్తే వచ్చేదీ ఒకటే ప. ముందు 3 ఊది ఆ ప ని వినండి, తర్వాత దవడ వదులు చేసి ఆవులింత వచ్చినట్టు గొంతు తెరిచి 2 మెల్లగా పీల్చండి. రెండూ కలిస్తే వాయిద్యం బాగున్నట్టే. వాపసు పంపేముందు ఇది ఒక్కసారి చేసి చూడండి.

ఇంకోటి, ఫోన్లో ట్యూనర్ యాప్ పెట్టి చూస్తే కొన్ని స్వరాలు, ముఖ్యంగా గాంధారం, ఉండాల్సినదానికంటే కాస్త కిందగా చూపిస్తాయి. అది కావాలని చేసినదే. రెండు మూడు రంధ్రాలు కలిపి ఊదినప్పుడు నాదం నున్నగా, పోట్లాట లేకుండా రావాలని ఆ స్వరాలని అలా దించి పెడతారు. ఇలా స్వరాలు కలిపి మోగించే కార్డ్స్ ఎక్కువ వాయించేవాళ్ళకి ఇది వరం. ఒక్కో స్వరంగా కీబోర్డుతో కలిపి శాస్త్రంగా వాయించాలనుకునేవాళ్ళకి అన్ని స్వరాలూ సమంగా పంచిన ట్యూనింగ్ ఉన్న మోడల్ నయం, లీ ఆస్కర్ కంపెనీ వాటిలో అది దొరుకుతుంది.

ఇక ఊపిరి సంగతి. మా మేనకోడలు ఒక వీడియో చూస్తూ, "మావయ్యా, ఈ అక్క ఇంతసేపటి నుంచి వాయిస్తూనే ఉంది, ఊపిరి ఎప్పుడు పీల్చుకుంటోంది?" అని అడిగింది. చాలా మంచి ప్రశ్న. "ఆ వాయించేదే ఊపిరి కదమ్మా, చూడు, ఇప్పుడు పీలుస్తోంది" అన్నాను. కానీ అంతటితో అయిపోదు. బ్లూస్ వాయించేవాళ్ళు C హార్మోనికాని G శ్రుతిలో వాయిస్తారు, దాన్ని సెకండ్ పొజిషన్ అంటారు, అందులో ముఖ్యమైన స్వరాలు చాలావరకు పీల్చేవే. అంటే అసలు కష్టం గాలి చాలకపోవడం కాదు, ఊపిరితిత్తులు నిండిపోవడం. ఆ నిండిన గాలిని పాట తెగకుండా ఎక్కడ వదలాలి, ముక్కుతోనా, మధ్యలో వచ్చే ఒక ఊదే స్వరంతోనా, లేక ఒక క్షణం మౌనంతోనా అన్నది వాయించేవాళ్ళు పాట మొదలవకముందే ఆలోచించుకుంటారు. బాగా వాయించే పిల్లల దగ్గర ఆ మౌనం కూడా పాటలో భాగంగానే వినిపిస్తుంది. మనం వాయిస్తే అది ఆయాసంలా వినిపిస్తుంది. ఈ విషయంలో ఏ మోడల్ కొన్నా ఒరిగేది లేదు, గాలి కారని వాయిద్యం ఉంటే సాధన తొందరగా ఫలిస్తుంది, అంతే.

ఓవర్‌బ్లో గురించి చెప్పకపోతే మోసం చేసినట్టే. బెండ్లతో కూడా దొరకని స్వరాలు కొన్ని మిగిలిపోతాయి. ఊదే రీడ్‌ని పలకనివ్వకుండా ఆపి, పీల్చే రీడ్‌ని ఊపిరి ఊదుతూనే పలికించి ఆ స్వరాలు తెచ్చే పద్ధతి ఓవర్‌బ్లో. 1970 ప్రాంతంలో, ఇంకా ఇరవై ఏళ్ళు నిండని అమెరికా హార్మోనికా వాద్యకారుడు హోవర్డ్ లెవీ దీన్ని పట్టుకుని, పది రంధ్రాల మీద పన్నెండు స్వరస్థానాలూ వాయించవచ్చని చేసి చూపించాడు. ఇప్పటి కుర్రవాళ్ళు కొందరు జాజ్ కూడా ఇంత చిన్న పెట్టెలో వాయించేస్తున్నారంటే ఆ దారి వల్లే. స్పెషల్ 20 పెట్టెలోంచి తీసిన వెంటనే 6వ రంధ్రంలో ఓవర్‌బ్లో కొంత ప్రయత్నంతో రావచ్చు, 4, 5 లలో మొండికేస్తుంది. రీడ్‌కి ప్లేటుకి మధ్య సందు మామూలు వాయింపుకి సరిపోయేలా పెట్టి ఉంటుంది, దాన్ని కొద్దిగా తగ్గించుకోవాలి, గ్యాపింగ్ అంటారు. మరీ తగ్గిస్తే గట్టిగా ఊదినప్పుడు రీడ్ మూగబోతుంది. వీడియోల్లో చూసే వాయిద్యాలు చాలావరకు ఇలా సరిచేయించుకున్నవే, కాబట్టి మీకు ఓవర్‌బ్లో రాలేదని దిగులు పడొద్దు, మొదటి ఏడాది దాని జోలికే వెళ్ళకండి.

సై లియో లాగానో స్టీవీ వండర్ లాగానో వాయించాలన్నది మీ పిల్లల కోరిక అయితే ఇది అసలు సరైన వాయిద్యమే కాదు. వాళ్ళది క్రోమాటిక్, పక్కన మీట ఉంటుంది, నొక్కితే ప్రతి స్వరం అరమెట్టు పైకి వెళ్తుంది. మామూలుగా 12 రంధ్రాలు, 48 రీడ్లు. ఆ శైలి అందం వేరు, స్వరం చివర మీటని అలా తాకి వదిలే చిన్న మెరుపులు, ఒక స్వరం నుంచి ఇంకో దానికి ముడి లేకుండా సాగే సంగతులు. స్పెషల్ 20 వాయించే చేతికి అది వెంటనే రాదు, దానిది వేరే సాధన. అలాగే రెండు వరసల రంధ్రాలుండే ట్రెమొలో రకం చూసి ఎక్కువ రంధ్రాలు ఉన్నాయి కదా అని కొనకండి, అందులో ఒక్కో స్వరానికి కొద్ది శ్రుతి తేడాతో రెండు రీడ్లు మోగుతాయి, జానపద బాణీలకి తియ్యగా ఉంటుంది గానీ పైన చెప్పిన బెండ్లు అందులో రావు.

మన్నిక విషయంలో పెద్దగా చెప్పేదేం లేదు. తినగానే వాయించకుండా నోరు పుక్కిలించి వాయిస్తే, అయిపోయాక రంధ్రాలు కిందికి పెట్టి అరచేతిలో తట్టి తడి దులిపేస్తే చాలాకాలం ఉంటుంది. బెండ్లు గట్టిగా లాగేవాళ్ళకి 4వ, 5వ పీల్చే రీడ్లు ముందుగా శ్రుతి దిగుతాయి, ఏ కంపెనీదైనా అంతే. అప్పుడు మొత్తం పారేయకుండా రీడ్ ప్లేట్లు మాత్రం విడిగా కొని మార్చుకోవచ్చు.

C మీద 2, 3 రంధ్రాల బెండ్లు శ్రుతిలో నిలబడ్డాక రెండోది కొనాలనిపిస్తే A తీసుకోండి. గిటార్ వాయించే స్నేహితులు ఎక్కువగా E లోనే బ్లూస్ వాయిస్తారు, A హార్మోనికా సెకండ్ పొజిషన్‌లో సరిగ్గా అక్కడికే వస్తుంది. పైగా శ్రుతి కింద కాబట్టి రీడ్లు కాస్త నిదానంగా స్పందిస్తాయి, బెండ్‌లో ఏ మెట్టు మీద ఉన్నామో చెవికి ఇంకా స్పష్టంగా తెలుస్తుంది.